ఫుట్‌బాల్ క్లబ్బులో జీతాల తేడా: 96 శాతం ఎట్ల మాయమైతది?

[తెర మీద: హనుమకొండ జేఎన్ స్టేడియం, ఖాళీ గ్యాలరీ]

నమస్తే. ఇయ్యాల ఫుట్‌బాలే గని, గోల్స్ ముచ్చట లేదు. జీతాల ముచ్చట. అది కూడా క్లబ్బు నడిపేటోళ్లది. టికెట్లు అమ్మేటోళ్లు, గ్రౌండుకు నీళ్లు పట్టేటోళ్లు, లెక్కలు రాసేటోళ్లు, బాత్రూములు కడిగేటోళ్లు.

బ్రిటన్‌లో 2017 నుంచి ఒక రూల్ నడుస్తున్నది. 250 మంది, లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థ ఏదైనా సరే, మగవాళ్ల గంట జీతానికీ ఆడవాళ్ల గంట జీతానికీ తేడా ఎంతో ఏటా బయటపెట్టాలె. ప్రైవేటు సంస్థలకు ఏప్రిల్ 5 నాటి లెక్క, మళ్లొచ్చే ఏప్రిల్ 4 లోపల. పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు కూడా ఇందులోకే వస్తయి. ఆటగాళ్లు కూడా ఉద్యోగులే కాబట్టి వాళ్ల జీతాలు కూడా కలుస్తయి. అందుకే లెక్క బయటికి రాంగనే క్లబ్బులు చెప్పే జవాబు ఒకటుంటది: "మా ప్లేయర్ల జీతాల వల్లనే తేడా అట్ల కనబడ్తున్నది." అబద్ధమైతే కాదు. గని సగం ముచ్చటే.

ఒక క్లబ్బును ఊహించుకుందాం. హనుమకొండలోనే ఆఫీసు, పది మంది స్టాఫు. అంకెలన్నీ మనం అనుకున్నవే.

[తెర మీద: రెండు వరుసల పట్టిక]

మగవాళ్లు ఐదుగురు. స్టార్ ప్లేయర్‌కు గంటకు 20,000. మేనేజర్‌కు 600. గ్రౌండ్ చూసుకునే ఆయనకు 150. సెక్యూరిటీ ఇద్దరికి వంద, వంద. ఆడవాళ్లు ఐదుగురు. అకౌంటెంట్ 300, ఫిజియో 250, టికెట్ కౌంటర్ 120, క్యాంటీన్ 100, క్లీనింగ్ 100.

సగటు తీయండి. మగవాళ్లకు 4,170, ఆడవాళ్లకు 174. తేడా 96 శాతం. పేపర్లో హెడ్డింగ్ ఇదే పడ్తది.

ఇప్పుడు మీడియన్. అంటే అందర్నీ జీతం ప్రకారం వరుసగా నిలబెట్టి, సరిగ్గా నడుమ ఉన్నోళ్ల జీతం చూసుడు. మగవాళ్లకు 150, ఆడవాళ్లకు 120. తేడా 20 శాతం. ప్లేయర్ 20,000 తీసుకున్నా 2 లక్షలు తీసుకున్నా మీడియన్ కదలదు. అందుకే రెండూ చెప్పాలని రూల్ పెట్టిండ్రు.

సరే, క్లబ్బు మాట విందాం. ప్లేయర్‌ను తీసేద్దాం. కొన్ని క్లబ్బులు నిజంగనే ఇట్ల రెండో లెక్క కూడా వేసి చూపెడ్తయి. మగవాళ్ల సగటు 237.50 అయితది, తేడా 27 శాతానికి దిగుతది. మగవాళ్లు నలుగురే మిగిలిండ్రు కాబట్టి నడుమ ఉన్న ఇద్దరి సగటు, 125, మీడియన్ అయితది; ఆ తేడా 4 శాతమే. హమ్మయ్య అనిపిస్తది కదా?

ఆగండి. అసలు ఆట ఇప్పుడు మొదలైతది.

క్యాంటీన్, క్లీనింగ్ ఔట్‌సోర్సింగ్‌కు ఇచ్చిండ్రు అనుకుందాం. ఆ ఇద్దరు అక్కలు రేపు కూడా అదే గేటులోంచి వస్తరు, అదే చీపురు, అదే వంద రూపాయలు. గని ఇగ వాళ్లు ఏజెన్సీ మనుషులు. ఏజెన్సీ ద్వారా వచ్చినోళ్లను బ్రిటన్ రూల్ ప్రకారం ఏజెన్సీ లెక్కలోనే చూపెట్టాలె, క్లబ్బు లెక్కలో కాదు. ఏజెన్సీలో 250 మంది లేకపోతే? ఎవ్వరి లెక్కలోనూ ఉండరు.

[తెర మీద: చివరి రెండు పేర్లు చెరిగిపోతయి]

మళ్లీ చూడండి. ఆడవాళ్ల సగటు 223కు ఎక్కింది. తేడా 27 నుంచి 6 శాతం. మీడియన్ అయితే ఉల్టా అయింది: మగవాళ్లకు 125, ఆడవాళ్లకు 250! ఒక్కరికి కూడా ఒక్క రూపాయి పెరగలేదు. క్లబ్బు మాత్రం కేక్ కట్ చేసుకోవచ్చు.

నన్నడిగితే ప్లేయర్ల జీతం మీద లొల్లి టైమ్ వేస్టు. అది అందరికీ కనబడేదే. కనబడకుండ పోయిన ఆ రెండు పేర్లే చూడాలె.

ఇంకొకటి. ఒకే పనికి ఇద్దరికి వేరే వేరే జీతం ఇచ్చుడు వేరు, ఇప్పుడు మనం చెప్పుకునే తేడా వేరు. మొదటిది అక్కడ చట్టవిరుద్ధం, 1970లోనే చట్టం చేసిండ్రు. రెండోది పని పంపకంలోనే ఉంటది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్లో పోండి. గుమస్తా, తూకం వేసే దడవాయి, హమాలీ ఎక్కువగా మగవాళ్లే. కింద పడ్డ కాయలు ఊడ్చి, చాటతో చెరిగేది ఆడవాళ్లు. ఒకే పనికి రెండు కూలీలు ఎవరూ ఇయ్యలే. పనినే రెండు చేసిండ్రు.

ఫుట్‌బాల్‌లో ఆ పంపకం వెనుక పెద్ద కథ ఉన్నది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ 1921లో తన క్లబ్బుల గ్రౌండ్లలో ఆడవాళ్లు ఆడొద్దని ఆపేసింది. అది పూర్తిగ పోయేటాళ్లకు 1971 వచ్చింది. యాభై ఏళ్లు! కోచులు, కొత్త ఆటగాళ్లను వెతికే స్కౌట్లు ఎక్కువగా ఆడి వచ్చినోళ్లలోంచే వస్తరు. గ్రౌండే ఇయ్యకపోతే కోచ్ ఎక్కడినుంచి వస్తది?

ఇగ మన దగ్గర. ఒకే పనికి ఒకే కూలి అని 1976లోనే చట్టమొచ్చింది. ఇప్పుడు ఆ మాట 2019 వేతన కోడ్‌లోకి చేరింది, ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్నది. గని తేడా ఎంతో బయటపెట్టుమని బ్రిటన్ లెక్క అన్ని పెద్ద సంస్థలనూ అడిగే రూల్ మనకు లేదు. స్టాక్ మార్కెట్‌లో ఉన్న టాప్ వెయ్యి కంపెనీలు మాత్రం ఆడ, మగ మీడియన్ జీతాలు, ఆ మార్కెట్‌ను అదుపు చేసే సెబీ అడిగే రిపోర్టులో చూపెట్టాలె.

నిజామాబాద్ బిడ్డ గుగులోతు సౌమ్య ఇండియా ఫుట్‌బాల్ జట్టుకు ఆడుతుంటే మనందరికీ ఖుషీనే. 2022 అక్టోబర్‌లో క్రికెట్ బోర్డు ఆడవాళ్లకూ అదే మ్యాచ్ ఫీజు అన్నప్పుడు కూడా చప్పట్లు కొట్టినం. వన్డేకు 6 లక్షలు, ఇద్దరికీ. ఏడాది కాంట్రాక్టు మాత్రం అప్పట్లో పై గ్రేడు మగవాళ్లకు 7 కోట్లు, ఆడవాళ్లకు 50 లక్షలు. ఆ ముచ్చటకు ఇంకో వీడియో చేస్త.

మీ ఆఫీసులో, మీ కాలేజీలో ఊడ్చే అక్క జీతం ఎవరి రిజిస్టర్‌లో పడ్తదో తెలిస్తే కామెంట్ పెట్టండి. సంస్థ పేరు వద్దు, ఏజెన్సీనా, సొంతమా, అంతే రాయండి.