ఫోన్-ఇన్ కార్యక్రమం: కడుపు పోయాక, ఇంట్లో చంటిబిడ్డతో

యాంకర్: నమస్కారం. గర్భం నిలవకపోవడం, ఆ సమయంలో ఇంట్లో ఇంకో చిన్నబిడ్డ ఉంటే ఆ తల్లి పడే అవస్థ, వీటి గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. గైనకాలజిస్ట్ డాక్టర్ గారు మనతో ఉన్నారు. నమస్కారం మేడమ్.

డాక్టర్: నమస్కారమండీ. ఫోన్ చేసేవాళ్లకి ముందే ఒక మాట. తల్లి బ్లడ్ గ్రూప్ ఏంటో తెలుసుకుని లైన్లోకి రండి. నేను అందరినీ అదే అడుగుతాను.

యాంకర్: మొదటి కాలర్, కరీంనగర్ నుంచి. చెప్పండి సార్.

కాలర్: నమస్తే మేడమ్. మా మిసెస్‌కి రెండో నెల. స్కానింగ్‌లో ఎదుగుదల లేదన్నారు, ట్యాబ్లెట్లు ఇచ్చారు. రాత్రి నుంచి బ్లీడింగ్ అవుతోంది. మామూలేనా అని భయంగా ఉంది.

డాక్టర్: ఎన్ని ప్యాడ్లు మారుస్తోంది?

కాలర్: పొద్దుటి నుంచి మూడు మార్చింది మేడమ్.

డాక్టర్: అంతవరకు పర్వాలేదు. గంటకు రెండు ప్యాడ్లు నిండిపోతూ, వరసగా రెండు గంటలు అలాగే ఉంటే ఆగొద్దు, 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్లండి. కళ్లు తిరిగినా, చలిజ్వరం వచ్చినా, దుర్వాసన ఉన్నా అంతే. బ్లడ్ గ్రూప్?

కాలర్: ఓ నెగెటివ్ మేడమ్.

డాక్టర్: చూశారా, అందుకే అడిగేది. తల్లి నెగెటివ్ అయితే, తర్వాతి గర్భానికి ఇబ్బంది రాకుండా వేసే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి ఇవాళే అడగండి. ఇంత తొలి వారాల్లో అవసరమా కాదా అన్నది మీ డాక్టర్ చెప్తారు. ఇవ్వాలనుకుంటే మాత్రం 72 గంటల్లోపు ఇవ్వాలి. రేపు చూద్దాంలే అనుకోవద్దు.

యాంకర్: థాంక్యూ సార్. తర్వాతి కాలర్, ఖమ్మం జిల్లా నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. పేరు చెప్పకపోతే ఏమీ అనుకోరు కదా?

డాక్టర్: పేరు అక్కర్లేదు తల్లీ. చెప్పు.

కాలర్: మాకు బాబు మేడమ్, రెండున్నరేళ్లు. రెండోసారి నెల తప్పింది. మూడో నెలలో స్కానింగ్‌కి వెళ్తే హార్ట్‌బీట్ లేదన్నారు. క్లీనింగ్ చేసి పంపించారు. అదంతా అయిపోయింది, ఇప్పుడు నొప్పి కూడా ఏం లేదు. నేను అడగాలనుకున్నది వేరే. అంటే, అది కూడానేమో. మాది పైపోర్షన్ మేడమ్. వీడు మెట్లెక్కడు, ఎత్తుకోమని కాళ్లకు చుట్టుకుంటాడు. పన్నెండు కిలోలుంటాడు. రోజూ వాణ్ని ఎత్తుకునే ఎక్కాను. అందరూ అదే అంటున్నారు, ఎత్తుకోవడం వల్లే అయిందని. అందుకేనా మేడమ్?

డాక్టర్: కాదు. నువ్వు వాణ్ని ఎత్తుకోవడం వల్ల కాదు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం క్రోమోజోముల్లో తేడా వల్ల పోతాయి. అండం, వీర్యకణం కలిసేటప్పుడే ఆ తేడా వచ్చేస్తుంది. అప్పటికి నీకు నెల తప్పిందన్న సంగతి కూడా తెలియదు. మిగతా వాటిలో థైరాయిడ్, షుగర్ లాంటివి ఉంటాయి, కొన్నిటికి కారణం దొరకదు. ఇంకొకటి, స్కానింగ్‌లో హార్ట్‌బీట్ లేదని తెలిసేసరికి చాలామందిలో పిండం ఎదుగుదల ఆగిపోయి వారం, రెండు వారాలు అయి ఉంటుంది. నువ్వు మెట్లెక్కిన రోజులు లెక్కపెట్టుకుంటున్నావేమో, మానెయ్. బ్లడ్ గ్రూప్ ఏంటి?

కాలర్: బి పాజిటివ్ మేడమ్.

డాక్టర్: సరే, ఆ బెంగ లేదు. ఇప్పుడు నువ్వు అడగాలనుకున్నది అడుగు.

కాలర్: ఎలా చెప్పాలో తెలియట్లేదు మేడమ్. వాళ్ల నాన్న తొందరపడి వాడికి చెప్పేశారు, చెల్లి వస్తుందని. రోజూ పొద్దున లేవగానే నా పొట్ట మీద ముద్దు పెట్టేవాడు. ఇప్పుడూ పెడుతున్నాడు. చెల్లి ఏది, చెల్లి ఎప్పుడొస్తుంది అని అడుగుతాడు. చుట్టాలు వచ్చినప్పుడు వాళ్ల ముందే అడుగుతాడు. వాళ్లు మాట మార్చేస్తారు, నేను వంటింట్లోకి వెళ్లిపోతాను. వాడి పాత జుబ్బాలు బీరువా మీద నుంచి దింపి, ఉతికి, మడతపెట్టి ఉంచాను మేడమ్. మళ్లీ పైన పెట్టడానికి చెయ్యి రావట్లేదు. మా అత్తయ్య మంచిదే. నన్ను లేవనివ్వకుండా అన్నీ చేసింది. కానీ నేను ఏడిస్తే, ఒకడున్నాడుగా, వాడి మొహం చూసి మర్చిపో అంటుంది. వాడున్నాడు కాబట్టే కదా మేడమ్, ఏం పోయిందో నాకు తెలిసింది. మొదటిసారి అయితే స్కానింగ్‌లో ఒక చుక్క అనుకునేదాన్నేమో. ఇప్పుడు ఆ చుక్క పెద్దదై ఎలా నవ్వుతుందో, అన్నం ఎలా ఉమ్మేస్తుందో అన్నీ తెలుసు.

డాక్టర్: అవును తల్లీ.

కాలర్: వాడికి అన్నం పెట్టాలి, స్నానం చేయించాలి, ఆడించాలి. కూర్చుని ఏడవడానికి టైమే ఉండదు. రాత్రి వాడు పడుకున్నాక ఏడుద్దామంటే నిద్ర ముంచుకొస్తుంది. ఒక్కోసారి వాడు మెడ చుట్టూ చేతులేస్తే ప్రాణం లేచొస్తుంది. ఒక్కోసారి ఎవరూ పిలవని చోటికి వెళ్లి పడుకోవాలనిపిస్తుంది. రెండూ ఒకే గంటలో అనిపిస్తాయి. ఇలా అనిపించడం తప్పా మేడమ్?

డాక్టర్: తప్పు కానే కాదు. పోయిన బిడ్డ కోసం ఏడవడానికీ, ఉన్న బిడ్డను చూసి నవ్వడానికీ మధ్య పోటీ ఏమీ లేదు. మీ అత్తగారు ప్రేమతోనే అంటున్నారు, కానీ ఉన్నవాణ్ని చూపించి పోయినదాన్ని మర్చిపొమ్మంటే అది జరిగే పని కాదు. ఈ కార్యక్రమం వింటున్న అత్తగార్లు, అమ్మలు దయచేసి ఆ మాట అనకండి. పక్కన కూర్చోండి. రెండు గంటలు పిల్లవాణ్ని మీరు చూసుకుని, తల్లిని తలుపేసుకుని ఏడవనివ్వండి. సరే, బాబు సంగతి. వాడికి నిజం చెప్పావా?

కాలర్: లేదు మేడమ్. చెల్లి నిద్రపోతోందని చెప్పాను ఒకసారి. మా అత్తయ్య దేవుడు తీసుకెళ్లాడు అంది. ఆ రోజు నుంచి వాడు దేవుడి గదిలోకి రావట్లేదు.

డాక్టర్: అదే మరి. ఈ వయసు పిల్లలు మనం ఏ మాటంటే ఆ మాటనే పట్టుకుంటారు. నిద్రపోయిందంటే, నేను నిద్రపోతే ఏమవుతుందో అని భయం. దేవుడు తీసుకెళ్లాడంటే, అమ్మను కూడా తీసుకెళ్తాడేమో అని భయం. చిన్న మాటల్లో, ఉన్నది ఉన్నట్టు చెప్పు. "కడుపులో పాప పెరగలేదు నాన్నా. పాప ఇక రాదు. అమ్మకి బాధగా ఉంది, అందుకే ఏడుస్తోంది. నువ్వేం చేయలేదు. అమ్మ నీ దగ్గరే ఉంటుంది." అంతే. రేపు మళ్లీ అడుగుతాడు. మళ్లీ ఇదే చెప్పు. ఇంట్లో అందరూ ఒకే మాట చెప్పాలి, వాళ్ల నాన్న కూడా. రాత్రి పక్క తడుపుతున్నాడా?

కాలర్: అవును మేడమ్! మానేసినవాడు మళ్లీ మొదలుపెట్టాడు. నన్ను బాత్రూమ్‌కి కూడా వెళ్లనివ్వడు.

డాక్టర్: నువ్వు ఆస్పత్రికి వెళ్లి వాడి కళ్ల ముందు లేకుండా పోయావు కదా, ఆ భయం. కొన్ని వారాల్లో తగ్గుతుంది. తిట్టొద్దు. తినే టైమూ, పడుకునే టైమూ మార్చకుండా చూసుకోండి. మీ ఆయన ఏమంటున్నారు?

కాలర్: ఏమీ అనరు మేడమ్. మర్నాడే డ్యూటీకి వెళ్లిపోయారు. వచ్చాక టీవీ చూస్తారు. ఆయనకేం అనిపించలేదేమో అనుకున్నాను. మొన్న ఫోన్ చూస్తే ఆ మొదటి స్కానింగ్ ఫోటో అలాగే ఉంచుకున్నారు.

డాక్టర్: మరి అడుగు ఆయన్ని. చాలామంది మగవాళ్లు తాము గట్టిగా ఉంటేనే భార్య తేరుకుంటుందనుకుని నోరు మూసుకుంటారు. భార్యేమో ఈయనకు పట్టలేదనుకుంటుంది. ఒకే మంచం మీద ఇద్దరూ విడివిడిగా ఏడుస్తారు. ఇవాళ రాత్రి ఆ ఫోటో నేను చూశానని చెప్పు. మిగతాది ఆయనే మాట్లాడతారు.

యాంకర్: చాలా థాంక్సమ్మా, మన తర్వాతి...

కాలర్: మేడమ్, ఒక్కటే, ఒక్కటి. వాడు ఇంకా రాత్రిళ్లు పాలు తాగుతాడు. కడుపుతో ఉన్నప్పుడు కూడా ఇచ్చాను. దాని వల్లేమైనా...

డాక్టర్: మళ్లీ అక్కడికే వచ్చావు. మామూలుగా ఉన్న గర్భంలో పెద్దబిడ్డకు పాలిస్తే అబార్షన్ కాదు. ముందే నెలలు నిండకుండా కాన్పు అయినవాళ్లకి, బ్లీడింగ్ ఉన్నవాళ్లకి మాత్రం డాక్టర్ ఆపమని చెప్తారు. నీకు అవేవీ లేవు కదా?

కాలర్: లేవు మేడమ్. అంటే ఎత్తుకోవడం వల్ల కూడా కాదంటారు.

డాక్టర్: కాదు తల్లీ. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్తాను. రేపు నీకే మళ్లీ అనుమానం వస్తుంది, అప్పుడు నీకు నువ్వే చెప్పుకో. వాణ్ని హాయిగా ఎత్తుకో. ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి లేకుండా ఉన్నా, బతకాలని లేదు అనిపించినా, 14416కి ఫోన్ చెయ్. టెలి మానస్ అని, మనసు బాగోలేనివాళ్లకి సాయం చేసే ఫోన్ లైన్, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది. ఫ్రీగా మాట్లాడతారు, తెలుగులో, ఏ టైములోనైనా.

కాలర్: అలాగే మేడమ్. ఇంతసేపు విన్నారు. ఉంటాను.

యాంకర్: విశాఖపట్నం నుంచి. హలో, చెప్పండి.

కాలర్: మేడమ్, నేను ప్రైవేట్ జాబ్ చేస్తాను. నాలుగో నెలలో పోయింది. ఆఫీసులో క్యాజువల్ లీవ్ పెట్టుకోమంటున్నారు. పాపకి ఏడాదిన్నర. ఎక్కువ రోజులు...

డాక్టర్: క్యాజువల్ లీవ్ కాదమ్మా. 1961 మెటర్నిటీ బెనిఫిట్ చట్టం నుంచే ఉంది, అబార్షన్ అయితే ఆరు వారాలు జీతంతో సెలవు. కొత్తగా వచ్చిన సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కూడా ఆ ఆరు వారాలు ఉన్నాయి. కాన్పు కావాల్సిన తేదీకి ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు అక్కడ పనిచేసి ఉండాలి, ఆస్పత్రి సర్టిఫికెట్ పెట్టాలి. ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల బీమా కార్డు ఉంటే అక్కడా ఆరు వారాలే. డిశ్చార్జ్ కాగితాలు పారేయొద్దు. బ్లడ్ గ్రూప్... హలో?

యాంకర్: లైన్ కట్ అయింది మేడమ్. అనంతపురం జిల్లా నుంచి ఇంకొకరు.

కాలర్: నమస్కారమమ్మా. నా కోడలికి మూడో నెల పోయింది. బొప్పాయి తినిందమ్మా, చెప్తే వినలేదు.

డాక్టర్: పండిన బొప్పాయా, పచ్చిదా?

కాలర్: పండే. రెండు ముక్కలు.

డాక్టర్: రెండు ముక్కల బొప్పాయి పండుతో కడుపు పోదమ్మా. పచ్చికాయ వద్దంటాం, అది వేరే. ఆ పిల్లను ఆ మాట అనకండి. ఇప్పుడు ఏం పెడుతున్నారు?

కాలర్: పథ్యమమ్మా. అన్నం, కారప్పొడి, నెయ్యి. నీళ్లు తక్కువ. కూరలు పెట్టట్లేదు.

డాక్టర్: అయ్యో. రక్తం పోయిన మనిషికి పెట్టే తిండేనా అది? ఆకుకూర పప్పు పెట్టండి, గుడ్డు, పాలు పెట్టండి, మీరు తినేవాళ్లయితే మాంసం పెట్టండి. నీళ్లు బాగా తాగనివ్వండి. రక్తపరీక్ష చేయించి, హిమోగ్లోబిన్ తక్కువుంటే ఐరన్ మాత్రలు వేయించండి. ఊళ్లో ఆశా కార్యకర్తను అడిగినా చెప్తుంది. గ్రూప్ చూపించారా?

కాలర్: చూపించినాం. పాజిటివే. మనవరాలికి మూడేళ్లు, నా దగ్గరే పడుకోబెట్టుకుంటున్నా. తల్లి దగ్గరికి పోనివ్వడంలేదు, ఒళ్లు అలుస్తుందని.

డాక్టర్: మీ మనసు మంచిది. కానీ ఆ పిల్లకి ఏమర్థమవుతుంది? అమ్మ నన్ను వద్దంది అనుకుంటుంది. అమ్మకీ ఒళ్లో బిడ్డ కావాలి. ఎత్తుకుని తిప్పే పని మీరు చేయండి, పక్కన పడుకోవడం మాత్రం అమ్మ దగ్గరే. కోడల్ని అడగండి, ఏం కావాలో ఆమే చెప్తుంది.

కాలర్: అట్లే అమ్మా. ఈ రాత్రికే పంపిస్తాను.

యాంకర్: థాంక్యూ అమ్మా. చివరి కాలర్, బెంగళూరు నుంచి. టైమ్ తక్కువుంది, క్లుప్తంగా అడగండి.

కాలర్: మేడమ్, నాకు పాప తర్వాత రెండుసార్లు పోయింది. రెండోసారి ఐదో నెలలో. ఇంటికొచ్చాక పాలు పడ్డాయి మేడమ్. ఎవరూ ముందే చెప్పలేదు.

డాక్టర్: చెప్పాలి. నాలుగో నెల దాటాక పోతే పాలు రావచ్చని డిశ్చార్జ్ రోజే చెప్పాలి. ఆ తల్లులకు అంతకన్నా కష్టం లేదు. సరిగ్గా పట్టే బ్రా వేసుకోవడం, చల్లని గుడ్డ పెట్టడం, పిండకుండా ఉండటం. మరీ బరువుగా ఉంటే కొంచెం తీసేయొచ్చు. పాలు ఆగడానికి మాత్రలు కూడా ఉన్నాయి, డాక్టర్ రాస్తేనే వాడాలి. మేనరికమా?

కాలర్: అవును, మేనబావ. మళ్లీ ఎప్పుడు ప్రయత్నించొచ్చు?

డాక్టర్: రెండుసార్లు పోయింది కాబట్టి ముందు పరీక్షలు. థైరాయిడ్, షుగర్, రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, గర్భసంచి స్కాన్. ఐదో నెలలో పోయిందంటే గర్భసంచి ముఖద్వారం బలంగా ఉందో లేదో చూడాలి. మేనరికం కాబట్టి మీ ఇద్దరూ జెనెటిక్ కౌన్సెలింగ్‌కి కూడా వెళ్లండి. ఆరు నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో చెప్పింది. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో అంతకుముందే గర్భం వచ్చినవాళ్లకి చెడు జరగలేదని తేలింది. కాబట్టి నెలల లెక్క కన్నా రిపోర్టులు, మీ ఒంట్లో రక్తం, మీ మనసు చూసుకోండి. ఫోలిక్ యాసిడ్ ఇప్పటి నుంచే మొదలుపెట్టండి, మోతాదు మీ డాక్టర్ చెప్తారు. గ్రూప్ ఏంటి?

కాలర్: ఏ నెగెటివ్. రెండుసార్లూ ఇంజెక్షన్ వేశారు మేడమ్.

డాక్టర్: మంచిది. ఆ కాగితాలు ఫైల్లో పెట్టుకుని కొత్త డాక్టర్‌కి మొదటి రోజే చూపించండి.

యాంకర్: థాంక్యూ మేడమ్. సమయం అయిపోయింది. లైన్ దొరకనివాళ్లు వచ్చే వారం ఇదే సమయానికి ప్రయత్నించండి. మాట్లాడిన అందరికీ ధన్యవాదాలు, నమస్కారం.