సింకు నుంచి కొల్లేరు దాకా

సభకు నమస్కారం.

చెరువుల నీటిని కాపాడుకోవడానికి ఇళ్ళలో ఉండేవాళ్ళం ఏం చేయగలమో మాట్లాడమని మీరు పిలిచినప్పుడు, మా ఇంట్లోవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "సింగ్‌నగర్‌లో చెరువెక్కడుంది?" అని. న్యాయమైన ప్రశ్నే. విజయవాడలోని మన పేటలో ఉన్నది బుడమేరు వాగు. మైలవరం వైపు కొండల్లో పుట్టి, వెలగలేరు రెగ్యులేటరు దాటి, మన ఇళ్ళ వెనకగా వచ్చి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కిందుగా సాగి, చివరకు కొల్లేరులో కలుస్తుంది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన ఆ సరస్సుకు మన సింకులో పోసిన నీళ్ళు చేరడానికి దారి ఉంది కనుక, మన చెరువు కొల్లేరే.

2024 సెప్టెంబరు మొదటి రోజుల బుడమేరు వరద సంగతి ఇక్కడ ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. మా గోడ మీద నడుమెత్తున నీటి గీత ఇంకా చెరగలేదు. నీరు తీశాక వంటింట్లో బురద ఎత్తిపోస్తుంటే పారకు తగిలినవి షాంపూ ప్యాకెట్లు, పాల కవర్లు, ఖాళీ మందుల అట్టలు. అవి పైనుంచి కొట్టుకొచ్చాయని మొదట్లో విసుక్కున్నాను. మన పేట దాటి కిందికి పోయినవి ఎవరి గడపలో తేలాయో ఆలోచించడానికి నాకు కొంతకాలం పట్టింది.

కంటికి కనిపించే చెత్త కన్నా, నీటిలో కరిగిపోయేదే చెరువుకు ఎక్కువ చేటు. మలమూత్రాల్లోనూ, ఎరువుల్లోనూ, కొన్ని వాషింగ్ పౌడర్లలోనూ ఉండే భాస్వరం, మొదటి రెండింటిలో దండిగా ఉండే నత్రజని పొలంలో పైరుకు ఎలా బలమో, నీటిలో నాచుకూ గుర్రపు డెక్కకూ అలాగే బలం. డెక్క అల్లుకుంటే వెలుతురు కిందికి దిగదు. నాచు చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. చేపల చెరువుల వాళ్ళను అడగండి, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచాయంటే వాళ్ళ గుండె జారిపోతుంది. రాత్రంతా నాచు కూడా ఊపిరి పీల్చుకుంటుంది గనుక, సూర్యుడు రాకముందే నీటిలో ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది.

కొల్లేరు కష్టాలన్నీ మన వంటిళ్ళవే అనడం లేదు. ఆక్రమణలున్నాయి, చేపల చెరువుల నుంచి వదిలే నీళ్ళున్నాయి, శుద్ధి కాని మురుగుంది. వాటి బాధ్యత ప్రభుత్వానిది, అడగవలసిందే. అయితే అడిగే నోరు గట్టిగా ఉండాలంటే మన పైపు ఎక్కడ తెరుచుకుంటోందో ముందు మనకు తెలియాలి.

మా అమ్మమ్మ ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి గోలెంలో పడేవి; అది గేదె సొత్తు. కాలువలోకి పోయేది దాదాపు ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు గేదె లేదు, గోలెం లేదు, ఆ నీళ్ళు సింకులోకి పోతున్నాయి. గేదెను తెచ్చుకోలేం గాని, బియ్యం కడుగు కుండీ మొక్కలకు పోయవచ్చు. తొక్కలను తడి చెత్తగా విడిగా ఉంచి చెత్త బండికి ఇవ్వవచ్చు. గారెలు వండగా మిగిలిన నూనెను సింకులో వంచడం నాకూ అలవాటే ఉండేది. పైపులో పేరుకుని అడ్డుపడ్డప్పుడు ప్లంబరు తీసి చూపించిన తెల్లటి ముద్ద చూశాక మానేశాను. ఇప్పుడు మూకుడును పాత కాగితంతో తుడిచాకే కడుగుతున్నాం. బట్టల పౌడరు విషయంలో చెప్పేది చిన్నది: నురుగును చూసి కొలవకండి, ప్యాకెట్ మీద రాసిన కొలతకు మించి వేయకండి. మట్టి వినాయకుడి సంగతి మీకు చెప్పనక్కర్లేదు. పత్రిని మాత్రం నీటిలో కలపకుండా ఎరువు గుంతలో వేయండి.

అన్నిటికన్నా పెద్దది సెప్టిక్ ట్యాంకు. చాలా ఇళ్ళలో దాని పైపు ఇంకుడు గుంతలోకి కాక నేరుగా సైడు కాలువలోకి పెడతారు. రెండు మూడేళ్ళకొకసారి తీయించకపోతే అడుగు బురద నిండి, లోపలికి వచ్చింది వచ్చినట్టే బయటికి పోతుంది. తీయించినా సరిపోదు. ఒక రాత్రి మా అపార్ట్‌మెంటు ట్యాంకు ఖాళీ చేసిన లారీ, సందు చివర దీపాలు ఆర్పి, గొట్టాన్ని కాలువలోకి వదలడం నేను మేడ మీద నుంచి చూశాను. అతనికి చెల్లించినది మా సంఘం డబ్బే. అప్పటి నుంచి మా పద్ధతి మార్చుకున్నాం: ట్యాంకు పగలే తీయాలి, మాలో ఒకరు బండి మీద లారీ వెంట వెళ్ళాలి, శుద్ధి కేంద్రంలో దింపినట్టు రసీదు తెచ్చాకే కోశాధికారి డబ్బు ఇస్తారు. మొదటిసారి వెంట వెళ్ళే వంతు నాదే వచ్చింది. దారి పొడవునా వాసన భరించలేకపోయాను గాని, లారీ మాత్రం ఎక్కడా ఆగలేదు.