నీళ్లు మరిగితే తెగేది ఏ బంధం?

(జాతీయ సైన్స్ దినోత్సవం నాడు హనుమకొండలో ఇంటర్ విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు చేసిన ప్రసంగం)

పిల్లలకు, వాళ్లను వెంటబెట్టుకుని వచ్చిన పెద్దలకు నమస్కారం.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. ముందు వరసలో కూర్చున్న అమ్మాయికి ఈ గాజు పలక ఇస్తున్నాను. దీని మీద మూడు చుక్కలు వేశాను. ఒకటి స్పిరిట్, ఒకటి నీళ్లు, ఒకటి పల్లీ నూనె. చూస్తూ ఉండమ్మా. ఏ చుక్క ముందు మాయమైతే అప్పుడు చెయ్యెత్తు.

ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పాను, జవాబు పత్రాలు దిద్దాను. నా ఎర్ర కలం అన్నిటికంటే ఎక్కువసార్లు ఆగింది ఒకే వాక్యం దగ్గర: ‘నీటిని మరిగిస్తే హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోయి ఆవిరవుతాయి.’ బాగా చదివే పిల్లలు కూడా ఇలాగే రాస్తారు. వాళ్లను నేను ఎప్పుడూ కోప్పడలేదు. రెండు వేరు వేరు సంగతులను మనం ‘బంధం’ అనే ఒక్క మాటతో చెబుతున్నాం, తికమక అక్కడే పుడుతోంది.

ఆ వాక్యమే నిజమైతే ఏమవుతుందో ఆలోచించండి. ఎసరు మరిగే ప్రతి వంటింట్లోనూ హైడ్రోజన్ వాయువు నిండుతుంది, పక్కనే పొయ్యి మంట ఉంటుంది. పొద్దున అన్నం వండిన ఏ ఇల్లూ మధ్యాహ్నానికి మిగలదు.

నీటి అణువు లోపల ఒక ఆక్సిజన్ రెండు హైడ్రోజన్లను సమయోజనీయ బంధాలతో, అంటే ఎలక్ట్రాన్లను పంచుకునే బంధాలతో పట్టుకుని ఉంటుంది. అది ఇంటి లోపలి పట్టు, చాలా గట్టిది. అలాంటి బంధాలను ఒక మోల్ (అణువులను, బంధాలను లెక్కపెట్టే కొలత) తెంచాలంటే దాదాపు 460 కిలోజౌళ్లు కావాలి. 2000 డిగ్రీల వేడిలో కూడా నీటి ఆవిరిలో చాలా కొద్ది భాగమే మూలకాలుగా విడిపోతుంది. ఇక రెండో పట్టు ఇరుగుపొరుగుది. ఒక నీటి అణువులోని హైడ్రోజన్ మీద కొంచెం ధనావేశం, పక్క అణువులోని ఆక్సిజన్ మీద కొంచెం రుణావేశం ఉంటాయి. అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. దాన్నే హైడ్రోజన్ బంధం అంటాం. ఇవి ఒక మోల్ తెగడానికి సుమారు 20 కిలోజౌళ్లు చాలు. నీళ్లు మరిగేటప్పుడు తెగేది ఈ రెండోదే. ఆవిరిలో ఎగిరిపోయేది కూడా నీటి అణువే, చెక్కుచెదరకుండా.

బలహీనమైనది కదా అని దాన్ని తీసిపారేయకండి. ఆవర్తన పట్టికలో ఆక్సిజన్ కిందనే గంధకం ఉంది. అది కూడా రెండు హైడ్రోజన్లతో కలిసి హైడ్రోజన్ సల్ఫైడ్ అవుతుంది. ప్రయోగశాలలో కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుందే, అదే. నీటి అణువు కంటే బరువైనదే అయినా మైనస్ 60 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. దాని అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు లేవని చెప్పదగ్గంత బలహీనం. ఆ కుటుంబం వరస ప్రకారం పోతే నీళ్లు అంతకంటే తక్కువ దగ్గరే మరగాలి. అలా జరిగితే పాకాల లేదు, లక్నవరం లేదు, రామప్ప చెరువు లేదు. కాకతీయుల కాలంలో కట్టలు ఎంత గట్టిగా పోసినా వాటి వెనుక నిలిచేందుకు నీరే ఉండేది కాదు. పాకాల గట్టు మీద నిలబడినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది.

అమ్మాయి చెయ్యెత్తింది. స్పిరిట్ చుక్క పోయిందట. కారణం చెబుతాను, ముందు వేడి లెక్క చూద్దాం.

పదో తరగతిలో అందరూ కంఠస్థం చేసిన అంకెలే. ఒక గ్రాము ఐసు కరగాలంటే 80 కేలరీలు. (మంచు అనకుండా ఐసు అంటున్నాను. మన భాషలో తెల్లవారుజామున ఆకు మీద నిలిచే నీటిబొట్టూ మంచే, గడ్డకట్టిన నీరూ మంచే. స్థితి మార్పు గురించి మాట్లాడేటప్పుడు ఆ తేడా ముఖ్యం.) ఆ నీటిని సున్నా నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 100 కేలరీలు. 100 డిగ్రీల నీటిని 100 డిగ్రీల ఆవిరిగా మార్చడానికి మాత్రం 540 కేలరీలు! అంత వేడి పోస్తున్నా థర్మామీటరు అంగుళం కదలదు. మరి ఆ వేడి ఎక్కడికి పోయింది? అణువుల వేగం పెంచడానికి కాదు, ఇరుగుపొరుగుల పట్టు విడిపించడానికి ఖర్చయింది. ఐసు కరిగినప్పుడు ఆ పట్టు కొంచెమే సడలుతుంది, అణువులు ఇంకా ఒకదాన్నొకటి తాకుతూనే ఉంటాయి. ఆవిరి అయ్యేటప్పుడు పూర్తిగా విడిపోవాలి. అందుకే 80 ఎక్కడ, 540 ఎక్కడ!

అమ్మలకు ఈ 540 బాగా తెలుసు, అంకె తెలియకపోవచ్చు. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు చేతికి ఆవిరి తగిలితే, అదే వేడిలో ఉన్న నీళ్లు తగిలినదానికంటే ఎక్కువ కాలుతుంది. ఆవిరి చర్మం మీద నీరుగా మారుతూ తాను తీసుకున్న 540 కేలరీలనూ అక్కడే తిరిగి ఇచ్చేస్తుంది. ఇడ్లీని ఉడికించేదీ అదే.

ఇప్పుడు రంజన్, అంటే మంచినీళ్ల మట్టికుండ దగ్గరికి వద్దాం. ఇంకో నెలలో ఇంటింటా ఇసుక పోసి, దాని మీద పెడతాం. మట్టి గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటి పొర దాకా చెమ్మగా వస్తుంది. చెయ్యి పెట్టి చూడండి, మెడ దగ్గర కొంచెం పొడిగా, పొట్ట దగ్గర తడిగా తగులుతుంది. ఆ చెమ్మ ఆరేటప్పుడు ఒక్కో గ్రాము దాదాపు 580 కేలరీలు తీసుకుపోతుంది. మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఖర్చు ఇంకొంచెం ఎక్కువ. ఇరవై లీటర్ల రంజన్ నుంచి ఒక గ్లాసుడు, అంటే 200 గ్రాములు ఆరిపోయిందనుకోండి. 1,16,000 కేలరీలు పోయాయి. బయటి వేడి లోపలికి రాలేదనుకుంటే మిగిలిన నీరు దాదాపు ఆరు డిగ్రీలు చల్లబడుతుంది. అందంగా ఉందని రంగు పూసిన కుండ కొనకండి. రంధ్రాలు మూసుకుపోయాక అది ఉత్త పాత్రే. కూలర్ కథా ఇదే. మే నెల వడగాలిలో హాయిగా పనిచేసిన కూలర్ జులై ముసురులో ఉక్కపోత పెంచుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే కొత్త అణువులు లేచిపోవడం కష్టం.

స్పిరిట్ సంగతి. అందులో ఎక్కువగా ఉండేది ఇథనాల్. ఇథనాల్ అణువులో హైడ్రోజన్ బంధానికి పనికొచ్చే హైడ్రోజన్ ఒక్కటే, నీటిలో రెండు. పట్టు తక్కువ, 78 డిగ్రీలకే మరుగుతుంది, గాలికి త్వరగా ఆరిపోతుంది. మరి నూనెలో హైడ్రోజన్ బంధాలే లేవు కదా, అదెందుకు కదలలేదు?

ఇక్కడ ఒకాయన కథ చెప్పాలి. యొహానెస్ వాండర్ వాల్స్ నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఒక వడ్రంగి కొడుకు. చిన్న పిల్లలకు బడిపంతులుగా పనిచేశాడు. లాటిన్, గ్రీకు రావు కాబట్టి విశ్వవిద్యాలయం పరీక్షలు రాయనివ్వలేదు. ఆ నియమం మారాక, 1873లో సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. వాయువుల అణువులు కూడా ఒకదాన్నొకటి లాక్కుంటాయని లెక్కగట్టి చూపాడు. 1910లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంగ్లిషు రాదని వెనక బెంచీలో ముడుచుకు కూర్చునే పిల్లలకు నేను ప్రతి ఏడూ ఈయన గురించి చెప్పేవాణ్ని.

ఏ ధ్రువమూ లేని, అంటే ధనావేశం, రుణావేశం ఉన్న కొసలు లేని అణువులు కూడా ఎందుకు లాక్కుంటాయో 1930లో ఫ్రిట్జ్ లండన్ వివరించాడు. ఎలక్ట్రాన్లు క్షణకాలం ఒక పక్కకు ఒరుగుతాయి, పక్క అణువులో కూడా ఆ ఒరుగును పుట్టిస్తాయి. ఒక్కొక్కటిగా చూస్తే అతి బలహీనమైన పట్టు. కానీ పల్లీ నూనె అణువులో ఎక్కువగా 16, 18 కార్బన్ల గొలుసులు మూడేసి ఉంటాయి. గొలుసు పొడవునా ఈ చిన్న పట్లు పోగవుతాయి. కొత్తవాడ మగ్గాల మీద చూడండి, ఒక్క నూలు పోగును చంటిపిల్ల తెంపుతుంది. అదే జంపఖానాగా నేశాక ఇద్దరు పహిల్వాన్లు చెరో పక్క లాగినా తెగదు. వంట గ్యాస్‌లోని మూడు నాలుగు కార్బన్ల అణువులు వాయువు, కొవ్వొత్తి మైనంలోని ఇరవై దాటినవి ఘనం. పట్టు జాతి ఒకటే, పొడవు వేరు.

చివరిగా పత్తి. ఇక్కడికి వచ్చిన తల్లిదండ్రుల్లో చాలామంది ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తోలుకెళ్లినవాళ్లే. తేమ మీటరు చూపే అంకె కోసం ఊపిరి బిగబట్టి నిలబడినవాళ్లే. సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోళ్లలో 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర, ఆపైన శాతానికింత కోత, 12 దాటితే వెనక్కి. ఆ అంకె వెనుక ఉన్నది కూడా హైడ్రోజన్ బంధమే. దూది అంటే సెల్యులోజ్, గ్లూకోజ్ ముక్కల పొడవాటి గొలుసు. ఒక్కో ముక్కకు మూడేసి హైడ్రాక్సిల్ సమూహాలు, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు. ఒక్కొక్కటీ నీటి అణువును పట్టుకునే చెయ్యి. గాలిలో తేమ 65 శాతం ఉంటే, బాగా ఆరిన దూది కూడా తన బరువులో దాదాపు 8 శాతం నీటిని పట్టుకునే ఉంటుంది. పాలిస్టర్‌కు అలాంటి చేతులు లేవు, అర శాతం కూడా పట్టుకోదు. పాలిస్టర్ చొక్కా ఇట్టే ఆరిపోవడానికీ, నూలు లుంగీ సాయంత్రం దాకా తడిగా ఉండటానికీ ఇదే కారణం.

కాబట్టి తేమ ఎక్కువ వచ్చిన ప్రతిసారీ రైతు నీళ్లు చల్లాడని అనుమానించడం అన్యాయం. రాత్రి చలిలో గాలి తేమతో నిండుతుంది, దూది దాన్ని తాగుతుంది. మధ్యాహ్నం గాలి పొడిబారాక వదిలేస్తుంది. ఆరబెట్టిన పత్తిని పొద్దువాలకముందే పోగుచేసి కప్పండి, ఆరుబయట వదిలితే పగటి కష్టమంతా రాత్రికి పోతుంది.

పిల్లలూ, మీకు ఒక పని ఇస్తున్నాను. కిరాణా కొట్టు త్రాసు లాంటిది దొరికితే వంద గ్రాముల దూది తూచి, గంపలో పరిచి డాబా మీద పెట్టండి. పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి తూచండి. పది రోజుల అంకెలు తేదీ వేసి నోటు పుస్తకంలో రాసుకోండి. వచ్చే నెల నేను మళ్లీ వచ్చినప్పుడు ఆ పుస్తకాలే ముందు చూస్తాను.