సదహారు ఓ: ఒంటికాలి మీద హోమ్ రన్లు

శ్రోతలకు నమస్కారం.

బేస్‌బాల్‌లో మీకు ఓనమాలు రాకపోయినా ఫరవాలేదు, ముందుగా ఒక అంకె వినండి: 868. ఒకే ఒక్క ఆటగాడు 22 ఏళ్ళలో కొట్టిన హోమ్ రన్లు అవి. ఏ దేశపు అగ్రశ్రేణి లీగ్‌లోనూ ఇంతకు మించి నమోదు కాలేదు. అమెరికా మేజర్ లీగ్‌లో అందరికన్నా పైనున్న బారీ బాండ్స్ 762 దగ్గర ఆగిపోయాడు. మరి 868 కొట్టినవాడు ఎవరయ్యా అంటే జపాన్ లీగ్‌లో ఆడిన సదహారు ఓ. ఇంటిపేరు ‘ఓ’. తెలుగులో ఆ పేరుతో వాక్యం నడపడం కష్టం గనక నేను సదహారు అనే అంటాను.

హోమ్ రన్ అంటే ఇంచుమించు మన సిక్సర్. అయితే సిక్సర్‌ని మనం మైదానం చుట్టూ ఎటైనా కొట్టవచ్చు, వికెట్‌కీపర్ తల మీదుగా కూడా. బేస్‌బాల్‌లో బ్యాటర్ ముందు లంబకోణంలో రెండు గీతలుంటాయి. బంతి ఆ గీతల మధ్యనుంచే వెళ్ళి అవతలి కంచె దాటాలి. పైగా ఒక మ్యాచ్‌లో బ్యాటర్‌కు వచ్చే అవకాశాలు నాలుగో అయిదో. అందుకే ఒక సీజన్ మొత్తం మీద 40 హోమ్ రన్లు కొడితే ఆ ఏడాది అతని పేరు మోగిపోతుంది. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళి ఒక మ్యాచ్ చూసొచ్చిన పెద్దవాళ్ళు ‘మూడు గంటలు కూర్చున్నాం, ఏమీ జరగలేదు’ అంటూంటారు. ఆ ఏమీ జరగకపోవడంలోనే సదహారు కథంతా ఉంది.

ఇంతటి హోమ్ రన్ వీరుడంటే కొండలాంటి మనిషిని ఊహించుకుంటాం. ఇతని ఎత్తు సుమారు 177 సెంటీమీటర్లు, బరువు 80 కిలోల లోపు. మన వీధిలో ఎదురొస్తే వెనక్కి తిరిగి చూడం.

పుట్టింది 1940లో, టోక్యోలో. తండ్రి చైనా నుంచి వలస వచ్చినవాడు, తల్లి జపాన్ ఆవిడ. నూడుల్స్ వండి వడ్డించే చిన్న హోటల్ వాళ్ళ జీవనాధారం. కుర్రవాడిది ఎడమచేతి వాటం. బంతి ఎడమచేత్తోనే విసిరేవాడు గానీ బ్యాటు మాత్రం కుడిచేతివాళ్ళలా పట్టేవాడు. ఒకరోజు పేటలో పిల్లల ఆట జరుగుతుంటే అటుగా వెళ్తున్న ఒక ప్రొఫెషనల్ ఆటగాడు ఆగి చూశాడు. ‘ఎడమవైపు నిలబడి కొట్టు’ అన్నాడు. ఆ దారిన పోయినాయన పేరు హిరోషి అరకావా. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాడు.

జపాన్‌లో హైస్కూలు బేస్‌బాల్ అంటే దేశమంతా రేడియోలకు, టీవీలకు అతుక్కుపోతుంది. కోషియెన్ మైదానంలో జరిగే ఆ పోటీల్లో 1957 వసంతంలో సదహారు తన వసేదా జిత్సుగ్యో స్కూలుకు కప్పు గెలిచిపెట్టాడు. అదీ బ్యాటుతో కాదు, పిచర్‌గా, అంటే బంతి విసిరేవాడిగా. వేలికి పొక్కు లేచి చిట్లి, బంతికి నెత్తురంటుతున్నా విసురుతూనే ఉన్నాడు. అదే ఏడాది శరదృతువులో జాతీయ క్రీడోత్సవానికి స్కూలు జట్టు బయల్దేరితే ఇతన్ని మాత్రం ఆడనివ్వలేదు. తండ్రి పౌరసత్వమే కొడుకుదీ. జపాన్ పౌరులకే ఆ పోటీలని నిబంధన. పుట్టి పెరిగిన ఊళ్ళో, ఆర్నెల్ల కింద దేశమంతా చప్పట్లు కొట్టిన కుర్రాడికి దక్కిన మర్యాద ఇది. సదహారు దీన్ని పెద్ద గొడవ చేసుకోలేదు, ఆ తర్వాత పౌరసత్వమూ మార్చుకోలేదు.

1959లో టోక్యోలోని యోమియురి జెయింట్స్ జట్టులో చేరాడు. పిచర్‌గా పనికిరాడని, బ్యాటర్ పరుగెత్తి చేరాల్సిన మొదటి మజిలీ అయిన ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్‌కు పెట్టి, బ్యాటు మీద దృష్టి పెట్టమన్నారు. మొదటి 26 సార్లూ ఒక్క హిట్ లేదు, అంటే బంతి కొట్టి బేస్ చేరింది లేదు. 27వసారి కొట్టింది హోమ్ రన్. ఇక్కణ్ణుంచి దూసుకుపోయాడని చెప్పాలని నాకూ ఉంది గానీ, అలా జరగలేదు. ఆ ఏడాది 7 హోమ్ రన్లు, సగటు 0.161. అంటే బ్యాటు పట్టిన ప్రతి ఆరుసార్లలో ఒక్కసారే హిట్. కొట్టదగ్గ బంతిని వదిలేసినా, బ్యాటు ఊపి తప్పినా స్ట్రైక్ అంటారు; అలా మూడు స్ట్రైకులూ పోగొట్టుకుని తిరిగొచ్చింది 72 సార్లు. స్టాండ్స్‌లోంచి ఎగతాళి కేకలు. మూడేళ్ళు ఇలాగే గడిచాయి: 7, 17, 13.

1962లో జట్టుకు కొత్త బ్యాటింగ్ కోచ్ వచ్చాడు. హిరోషి అరకావా. చిన్నప్పుడు పేటలో ఆగి చూసినాయనే.

సదహారులో ఉన్న లోపం బలహీనత కాదు, తొందర. పిచర్ నిలబడేచోటికీ బ్యాటర్‌కూ మధ్య దూరం 18 మీటర్ల పైచిలుకు. బంతి గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వస్తే అర సెకను లోపే బ్యాటరు ముందుంటుంది. ఆ వ్యవధిలో సదహారు ముందుకాలు మరీ త్వరగా వేసేసేవాడు. కాలితోపాటు ఒంటి బరువూ ముందుకు జారిపోయేది. బంతి వచ్చేసరికి చేతుల బలం ఒక్కటే మిగిలేది. వేగం తగ్గించి వేసిన బంతి అయితే మరీ ఘోరం, అది రాకముందే బ్యాటు తిరిగిపోయేది. అరకావా సలహా వినడానికి వింతగా ఉంటుంది: ఆ కాలు అసలు నేల మీద పెట్టకు. పిచర్ విసరబోతూ కాలెత్తగానే నువ్వూ కుడికాలు మోకాలి దాకా లేపు. ఎడమకాలి మీద ఆగు. బంతి నీ మేరలోకి వచ్చాకే కాలు దించుతూ కొట్టు. చెరువులో ఒంటికాలి మీద నిలబడి చేప దగ్గరికొచ్చేదాకా కదలని కొంగను చూశారు కదా, అచ్చం అదే భంగిమ.

1962 జులై 1న కవాసాకీ మైదానంలో, తాయో వేల్స్ జట్టుతో మ్యాచ్‌లో మొదటిసారి అలా నిలబడ్డాడు. ఆ రోజే ఒక హోమ్ రన్ పడింది. సీజన్ ముగిసేసరికి 38. లీగ్‌లో అందరికన్నా ఎక్కువ అతనివే.

ఒంటికాలి మీద నిలబడటం తేలికే, ప్రయత్నించి చూడండి. నిలబడి వేగంగా తిరిగి, పడిపోకుండా ఉండటమే కష్టం. అరకావాకు ఐకిడో అనే యుద్ధవిద్యలో ప్రవేశం ఉంది. ఆ విద్యను నెలకొల్పిన మొరిహే ఉయెషిబా దగ్గరికే శిష్యుణ్ణి తీసుకెళ్ళాడు. కాలు ఎత్తినా ఒంటి బరువు పొత్తికడుపు దగ్గర ఎలా నిలపాలో నేర్పించాడు. ఆ పైన కత్తి. అసలైన జపాన్ కత్తే. పైకప్పునుంచి కాగితం ముక్క వేలాడదీసి దాన్ని నరకమనేవాడు. కత్తి అంచు ఏమాత్రం వంకరగా తగిలినా కాగితం తెగదు, పక్కకు ఊగి తప్పుకుంటుంది. భుజబలం అక్కడ ఎందుకూ పనికిరాదు. మ్యాచ్ ముగిశాక అర్ధరాత్రి దాకా అరకావా ఇంట్లో ఈ సాధన సాగేది. సదహారు నిలబడి తిరిగినచోట తతామీ చాపలు అరిగి చీలికలైపోయేవి.

ఆ తర్వాతి అంకెలు చకచకా చెప్పేస్తాను. 1962 నుంచి వరసగా 13 ఏళ్ళు లీగ్‌లో హోమ్ రన్ల కిరీటం అతనిదే, మొత్తం 15 సార్లు. 1964లో 140 మ్యాచ్‌ల సీజన్‌లో 55, ఒక సీజన్‌కు అప్పటి జపాన్ రికార్డు. ఆ 55 దగ్గరికి తర్వాత మళ్ళీ రావాలి. వరసగా 19 సీజన్లు 30కి తగ్గలేదు. జట్టులోని మరో మేటి బ్యాటర్ షిగెవో నగషిమా, సదహారు జంటగా ఆడిన జెయింట్స్ 1965 నుంచి 1973 దాకా తొమ్మిదేళ్ళూ జపాన్ సిరీస్ అనే జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచింది.

1964లో హిరోషిమా జట్టువాళ్ళు కంప్యూటర్‌తో లెక్కలు కట్టించి, సదహారు బంతులు ఎక్కువగా మైదానం కుడివైపుకే వెళ్తాయని తేల్చుకుని, ఫీల్డర్లలో ఆరుగురిని ఆ వైపుకే జరిపారు. ఎడమవైపు ఖాళీ. అటు మెల్లగా తోసినా హిట్ దొరుకుతుంది. సదహారు ఆ ఖాళీ వంక చూడలేదు. ఎప్పటిలాగే కుడివైపే, వాళ్ళ తలల మీదుగా కొడుతూ పోయాడు. ఇది మొండితనమా, ఆత్మవిశ్వాసమా అని అడిగితే, రెండిటికీ తేడా స్కోరుబోర్డు మీదే తెలుస్తుందంటాను.

అన్నిటికన్నా నాకు నచ్చిన అంకె 868 కాదు, 2,390. పిచర్ వేసిన బంతుల్లో నాలుగు, కొట్టదగ్గ మేరకు బయట పడితే, బ్యాటర్ నడుచుకుంటూ ఫస్ట్ బేస్‌కు వెళ్ళవచ్చు. వాక్ అంటారు. సదహారుకు అలాంటి వాక్‌లు 2,390. అంటే ‘వీడికి కొట్టే బంతి ఇవ్వడం కన్నా ఒక బేస్ ఊరికే ఇచ్చేయడం నయం’ అని పిచర్లు అన్నిసార్లు చేతులెత్తేశారు. ఇందులో ఇతని పట్టుదల కూడా ఉంది. చెడ్డ బంతికి ఆశపడి బ్యాటు ఊపితే వాక్ రాదు. మైదానం నిండా జనం హోమ్ రన్ కోసం అరుస్తుంటే బ్యాటు కదపకుండా నిలబడాలి. ఒంటికాలి మీద నేర్చుకున్నదీ అదే కదా.

1974లో అమెరికాలో హ్యాంక్ ఆరన్, బేబ్ రూత్ రికార్డు 714ను దాటాడు. ఆ నవంబరులో జపాన్ వచ్చాడు. టోక్యోలోని కొరాకుయెన్ మైదానంలో ఇద్దరికీ హోమ్ రన్ల పోటీ పెట్టారు. ఆరన్ 10, సదహారు 9. ఆరన్ చివరికి 755తో ఆట ముగించాడు. 1977 సెప్టెంబర్ 3న అదే కొరాకుయెన్‌లో, యాకుల్ట్ జట్టు మీద సదహారు 756వది కొట్టాడు. తల్లిదండ్రులను మైదానంలోకి పిలిచి సన్మానించారు. రెండు రోజులకు జపాన్ ప్రభుత్వం జాతీయ గౌరవ పురస్కారం మొట్టమొదటిసారిగా ఇచ్చింది ఇతనికే. ఇరవై ఏళ్ళ కింద క్రీడోత్సవంలోకి రానివ్వనివాడికే.

868ని 762 పక్కన పెట్టవచ్చా అని అమెరికా అభిమానులు ఇప్పటికీ వాదిస్తారు. వాళ్ళ వాదనలో బలం ఉంది. అప్పటి జపాన్ మైదానాలు చిన్నవి, కొరాకుయెన్ మరీనూ. పిచర్ల స్థాయి సగటున తక్కువ. ఆ రోజుల్లో అక్కడ రెసిన్ పట్టించి గట్టిపరిచిన బ్యాట్లు వాడనిచ్చేవారు, తర్వాత నిషేధించారు. ఇటువైపు చూస్తే అప్పటి జపాన్ సీజన్లో మ్యాచ్‌లు 130, 140, అమెరికాలో 162. ఈ తక్కెడలో ఎటు మొగ్గుతుందో తేల్చడం నావల్ల కాదు, తేల్చాల్సిన అవసరమూ కనబడదు. ఆరన్‌కూ కనబడలేదనుకుంటాను. తర్వాత వాళ్ళిద్దరూ కలిసి ప్రపంచ బాలల బేస్‌బాల్ ఉత్సవం నెలకొల్పి, దేశదేశాల పిల్లలకు ఆట నేర్పించే ఏర్పాటు చేశారు.

1980లో, 40 ఏళ్ళ వయసులో, 30 హోమ్ రన్లు కొట్టి కూడా ఆట మానేశాడు. సగటు 0.236కు పడిపోయింది, అది చాలనుకున్నాడు.

ఇక ఆ 55. సదహారు జట్టు మేనేజర్, అంటే జట్టును నడిపించే ప్రధాన కోచ్ అయ్యాక జరిగిన సంగతులు ఇవి. 1985లో హాన్షిన్ జట్టులోని అమెరికన్ ర్యాండీ బాస్ 54 కొట్టి, చివరి మ్యాచ్ జెయింట్స్ మీద ఆడాడు. జెయింట్స్ మేనేజర్ సదహారే. పిచర్లు అతనికి కొట్టదగ్గ బంతి దాదాపు వెయ్యలేదు, వాక్ మీద వాక్ ఇచ్చారు. స్ట్రైక్ వేస్తే జరిమానా అని ఒక కోచ్ బెదిరించాడని ఆ జట్టులో ఉన్న అమెరికన్ పిచర్ తర్వాత బయటపెట్టాడు. అలా చెయ్యమని తాను చెప్పలేదన్నారు సదహారు. 2001లో టఫీ రోడ్స్ 55తో సమం చేసి, ఆయన నడిపిస్తున్న డైయే హాక్స్ మీదికొచ్చాడు. మళ్ళీ వాక్‌లే. లీగ్ కమిషనరే తప్పుపట్టాడు. 2002లో అలెక్స్ కాబ్రెరాదీ అదే గతి. ముగ్గురూ విదేశీయులే.

ఆయన ఆజ్ఞ ఇచ్చి ఉండకపోవచ్చు, నేను నమ్ముతాను. కానీ ‘వాళ్ళకు బంతి వెయ్యండి, నా రికార్డు పోతే పోనీ’ అని గట్టిగా చెప్పి ఉంటే ఏ కోచ్‌కు ధైర్యం ఉండేది? మూడుసార్లు జరిగినదాన్ని కింది ఉద్యోగుల అత్యుత్సాహం కింద కొట్టెయ్యలేం. పరాయివాడని ఒకప్పుడు గడప దగ్గరే ఆపేసిన కుర్రాడి పేరు మీద పరాయివాళ్ళను ఆపారు. ఆయనంటే నాకెంత గౌరవమున్నా ఇది మింగుడుపడదు.

ఆ హాక్స్ జట్టుతోనే ఆయన మొదట చాలా అవస్థ పడ్డారు. ఓటములతో విసిగిన అభిమానులు 1996లో జట్టు బస్సు మీద కోడిగుడ్లు విసిరారు. ఆయన వెళ్ళిపోలేదు. 1999లో జపాన్ సిరీస్ గెలిపించారు, 2003లో మళ్ళీ. 2006లో దేశాల మధ్య జరిగే పోటీ వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ మొట్టమొదటిసారి జరిగినప్పుడు అందులో జపాన్ జట్టు కప్పు గెలిచినప్పుడు మేనేజర్ ఆయనే. ఆ వేసవిలోనే కడుపులో క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకుని, మళ్ళీ జట్టు దగ్గరికి వచ్చారు.

55 రికార్డు చివరికి 2013 సెప్టెంబరులో పోయింది. కురసావో దీవి నుంచి వచ్చిన వ్లాదిమిర్ బాలెంటియెన్, యాకుల్ట్ తరఫున ఆ ఏడాది 60 కొట్టాడు. ఈసారి పిచర్లు బంతులు వేశారు. 2022లో అదే జట్టులోని మునెతకా మురకామి, సీజన్‌లో తన ఆఖరి అవకాశంలో 56వది కొట్టాడు. జపాన్‌లో పుట్టిన ఆటగాళ్ళలో ఇదే కొత్త రికార్డని పత్రికలు రాశాయి. అంతకుముందు 58 ఏళ్ళు ఆ వరసలో మొదటి పేరు, జపాన్ పౌరసత్వం తీసుకోని సదహారుదే.

నమస్కారం.