కావడి భుజం: హైబ్రిడ్ కారు లోపలి సంగతి

(బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆదివారం తెలుగు డ్రైవర్లు, మెకానిక్కులు కలిసిన చోట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట బేరాలు వదులుకుని వచ్చారు. మీకు ఒక రోజు బేరం అంటే ఏమిటో నాకు తెలుసు, అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

పోయిన వారం మన హిందూపురం తమ్ముడు ఒకతను ఫోన్ చేశాడు. కొత్తగా హైబ్రిడ్ బండి, అంటే పెట్రోలు ఇంజన్, కరెంటు మోటారు రెండూ ఉన్న బండి తీసుకున్నాడు. "అక్కా, బండంతా వెతికాను, చార్జింగ్ వైరు కనపడలేదు. రాత్రిపూట కరెంటు పెట్టాలా వద్దా?" అని అడిగాడు. ఎవరూ నవ్వకండి. నేను ఇరవై ఏళ్లుగా మోటార్లతో పనిచేస్తున్నాను, ఇంతకంటే మంచి ప్రశ్న విన్నది తక్కువ. గోడకు తగిలించి చార్జ్ చేసే హైబ్రిడ్లు వేరే ఉన్నాయి. మన రోడ్ల మీద మీరు ఎక్కువగా చూసే హైరైడర్, గ్రాండ్ విటారా, హైక్రాస్, హోండా సిటీ హైబ్రిడ్‌లకు ప్లగ్గు లేదు. వాటిని నడిపే శక్తి అంతా పెట్రోలు బంకులో పోయించుకున్నదే. మరి అదే పెట్రోలుతో ఎక్కువ దూరం ఎలా పోతుంది? ఈ పూట చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ముందు పెట్రోలు ఇంజన్ బలహీనత చూద్దాం. ఇంజన్‌కు ఒక మోస్తరు స్పీడులో, ఒక మోస్తరు బరువు లాగుతూ నిలకడగా తిరగడం ఇష్టం. అప్పుడు మంచి ఇంజన్ పెట్రోలులోని శక్తిలో మూడో వంతుకు పైగా పనిగా మారుస్తుంది. అదే ఇంజన్‌ను సిల్క్ బోర్డు జంక్షన్‌లో నిలబెట్టండి. ఏసీ కోసం గురగురమంటూ తిరుగుతుంది, బండి అంగుళం కదలదు, పెట్రోలు మాత్రం కాలుతుంది. ముందు బండి కదిలింది కదా అని పది అడుగులు పోనిస్తే, ఆ మెల్లటి లాగుడు దానికి ఇంకా కష్టం. ఊళ్లో నడిచే మామూలు కారు పెట్రోలులో నాలుగో వంతు పనిచేయించుకుంటే గొప్పే.

కరెంటు మోటారు స్వభావం దీనికి పూర్తిగా ఎదురు. సున్నా స్పీడు దగ్గరే దానికి పూర్తి లాగుడు ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడు ఏమీ తినదు. పైగా చక్రాలే దాన్ని తిప్పితే కరెంటు పుట్టిస్తుంది. ఒకరికి చేతకానిది ఇంకొకరికి బాగా వచ్చు. ఈ ఇద్దరినీ ఒకే బండికి కట్టాలన్న ఆలోచన కొత్తది కాదు. 1900 ప్రాంతంలోనే ఫెర్డినాండ్ పోర్షే పెట్రోలు ఇంజన్‌తో డైనమో తిప్పి, ముందు చక్రాల్లోనే మోటార్లు పెట్టి కారు నడిపి చూపించాడు. ఇద్దరి మధ్యా క్షణక్షణం పని పంచే కంప్యూటర్, కరెంటును వేగంగా ఆపి వదిలే స్విచ్‌లు అప్పుడు లేవు. అవి వచ్చాక, 1997 డిసెంబరులో జపాన్‌లో టయోటా వాళ్ల ప్రియస్ కారు వచ్చింది. ఆ ప్రాజెక్టును నడిపించిన ఇంజనీరు తకేషి ఉచియమాద. మన బెంగళూరుకూ ఇందులో వాటా ఉంది. మైసూరు రోడ్డులో బిడది దాటేటప్పుడు మీరు చూసే టయోటా ఫ్యాక్టరీలో 2013 నుంచే క్యామ్రీ హైబ్రిడ్ తయారయింది. హైరైడర్, హైక్రాస్ అక్కడివే.

ఇప్పుడు బ్రేకు లెక్క ఒకటి చేద్దాం. ఇంటి కరెంటు బిల్లులో యూనిట్ అంటాం కదా, ఆ కొలతనే వాడుకుందాం. పదిహేను వందల కిలోల బండి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతోంది. దాని పరుగులో ఉన్న శక్తి సుమారు 0.04 యూనిట్. సిగ్నల్ పడింది, బ్రేకు తొక్కారు. మామూలు బండిలో ఆ శక్తంతా బ్రేక్ ప్యాడ్ల దగ్గర వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్లు ఉంటాయి. ఊళ్లో నాలుగో వంతే దక్కుతుంది కాబట్టి చక్రాలకు చేరేది రెండుంపావు. అంటే 50 వేగం నుంచి సుమారు యాభై ఆరు సార్లు బండి ఆపితే లీటరు పెట్రోలు బ్రేకులకు సమర్పించినట్టే. కె.ఆర్. పురం నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా సాయంత్రం ఆరింటికి పోయేవాళ్లకు ఈ లెక్క నేను విడమరచి చెప్పక్కర్లేదు.

హైబ్రిడ్‌లో బ్రేకు పెడల్ మొదట కంప్యూటర్‌కు మాట చెబుతుంది. కంప్యూటర్ మోటారును డైనమోగా మారుస్తుంది, చక్రాలే దాన్ని తిప్పుతాయి, పుట్టిన కరెంటు బ్యాటరీకి పోతుంది. బాగా నెమ్మదించాక, లేదా మీరు గట్టిగా తొక్కినప్పుడు, ప్యాడ్లు పట్టుకుంటాయి. పోయిందనుకున్న శక్తిలో మంచి భాగం మళ్లీ మీ చేతికొస్తుంది. ప్యాడ్లు ఏళ్ల తరబడి అరగకపోవడానికి కారణమూ ఇదే.

ఆ బ్యాటరీ ఎంత పెద్దది? హైరైడర్‌లో ఉన్నది 0.76 యూనిట్. ఇంట్లో ఇస్త్రీ పెట్టె గంటసేపు పెడితే అయిపోయేంత. చాలామంది దీన్ని లోపం అనుకుంటారు. నా దృష్టిలో ఈ బండి డిజైన్‌లో అన్నిటికంటే తెలివైన నిర్ణయం అదే. ఈ బ్యాటరీ గాదె కాదు, చేబదులు. ఈ సిగ్నల్ దగ్గర తీసుకున్నది వచ్చే సిగ్నల్ దాటేలోపు ఇచ్చేయాలి. అంతకు మించి మోస్తే బరువు, ఖర్చు. పైగా దాన్ని ఎప్పుడూ పూర్తిగా నింపరు, పూర్తిగా ఖాళీ చేయరు. మధ్యలోనే ఆడిస్తారు. ఆయుష్షు దాంట్లో ఉంది.

మీలో సగం మంది తిరుమలకు బేరాలు కట్టేవాళ్లే, ఆ దారి మీదే చెబుతాను. కొండ పైకీ కింది ఊరికీ ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి పదహారు వందల కిలోల బండి దిగేటప్పుడు వదిలే శక్తి మూడు యూనిట్లు. టైర్లు, గాలి తినేది పోనూ రెండుకు పైనే మిగులుతుంది. బ్యాటరీలో చోటు ముక్కాలు యూనిట్ కూడా లేదు. అందుకే సగం ఘాట్ దిగేసరికి నిండిపోతుంది. అప్పుడు కంప్యూటర్ పెట్రోలు పోయకుండానే ఇంజన్‌ను తిప్పి, మిగిలిన శక్తిని ఖర్చు చేస్తుంది. గేరు లీవరు 'బి'లో పెట్టినా ఇలాగే ఇంజన్ పట్టు దొరుకుతుంది. దిగుడులో ఇంజన్ ఉన్నట్టుండి మోత పెట్టిందని భయపడి నాకు ఫోన్ చేసినవాళ్లున్నారు. అది బండి మిమ్మల్ని కాపాడుతున్న చప్పుడు.

ఇక అసలు యంత్రం. దీన్ని చెప్పడానికి నాకు కావడి తప్ప వేరే దారి దొరకలేదు. కావడిలో ఒక వైపు బరువు ఎక్కువుంటే ఏం చేస్తారు? భుజాన్ని ఆ వైపుకు జరుపుకుంటారు. టయోటా హైబ్రిడ్‌లో ఇంజన్ ఆ భుజం. ఒక కొసన చిన్న మోటారు, మనం జనరేటర్ అనుకుందాం. ఇంకో కొసన చక్రాలు, వాటితోపాటే పెద్ద మోటారు. కర్ర స్థానంలో ఒక గేర్ల కట్ట ఉంటుంది. నడుమ ఒక చిన్న గేరు, దాని చుట్టూ తిరిగే పిల్ల గేర్లు, వాటన్నిటినీ చుట్టిన పళ్ల రింగు. పాత ప్రియస్‌లో నడిమి గేరుకు 30 పళ్లు, రింగుకు 78. ఇంజన్ పిల్ల గేర్ల చట్రాన్ని తిప్పుతుంది. పళ్ల లెక్క ప్రకారం ఇంజన్ తిప్పుడు బలంలో 72 శాతం రింగు ద్వారా చక్రాలకు, 28 శాతం జనరేటర్‌కు. బరువైన బిందె భుజానికి దగ్గరగా ఉంది, చూశారా.

బలం పంపకం ఎప్పుడూ మారదు. మారేది స్పీడు. ఇంజన్ ఆగి ఉంటే భుజం కదలదు, ఒక కొస లేస్తే రెండో కొస దిగుతుంది. పెద్ద మోటారు బండిని ముందుకు నడిపిస్తుంటే, జనరేటర్ రింగుకు 2.6 రెట్ల వేగంతో వెనక్కి తిరుగుతుంది. 2003 ప్రియస్‌లో గంటకు 67 కిలోమీటర్ల చుట్టుపక్కల ఇంజన్ తిరగాల్సిందే. లేకపోతే జనరేటర్ దాని హద్దు దాటి తిరుగుతుంది. ఇంజన్ స్టార్ట్ చేయాలంటే జనరేటర్‌కు కాస్త కరెంటిచ్చి ఆ కొసను పైకి లేపితే చాలు, భుజం తిరగడం మొదలవుతుంది. జనరేటర్ స్పీడును అటూ ఇటూ మారుస్తూ, రోడ్డు మీద స్పీడు ఎంతున్నా ఇంజన్‌ను తనకిష్టమైన చోటే తిప్పుకోవచ్చు. క్లచ్ ప్లేటు లేదు. సెల్ఫ్ మోటారు లేదు. బెల్టు మీద తిరిగే డైనమో లేదు. రివర్సు గేరు కూడా లేదు, పెద్ద మోటారు వెనక్కి తిరుగుతుంది అంతే. ఏళ్ల తరబడి నేను ఈ గేర్ల కట్టను చూస్తూనే ఉన్నాను, ఇంకా ముచ్చట తీరలేదు.

ఇంజన్‌ను కూడా ఈ కాపురానికి తగ్గట్టు మార్చారు. 1880ల్లో జేమ్స్ అట్కిన్సన్ అనే బ్రిటిష్ ఇంజనీరు చూపిన దారి అది. గాలి లోపలికొచ్చే వాల్వును ఆలస్యంగా మూస్తారు, కొంత గాలి వెనక్కి పోతుంది. నొక్కుడు తక్కువ, మంట తోసే దూరం ఎక్కువ. అందువల్ల వేడిని చివరిదాకా పిండుకోవచ్చు. నష్టం ఏమంటే పిక్‌అప్ తగ్గుతుంది. విడిగా అమ్మితే అలాంటి ఇంజన్‌ను మీరు తిట్టుకుంటారు. పక్కన మోటారుంది కాబట్టి ఆ లోటు తెలియదు.

హోండా సిటీది వేరే పద్ధతి. ఊళ్లో ఇంజన్ కరెంటు పుట్టించడానికే ఎక్కువగా తిరుగుతుంది, మోటారు నడుపుతుంది, హైవే ఎక్కాక క్లచ్ పట్టుకుని ఇంజన్ నేరుగా చక్రాలకు కలుస్తుంది. ఇక మైల్డ్ హైబ్రిడ్ అని పేరు పెట్టిన బండ్లలో ఉన్నది కాస్త పెద్ద డైనమో. అది ఇంజన్‌కు చేయి సాయం చేస్తుంది గానీ బండిని ఒంటరిగా నడపలేదు. రెంటినీ ఒకే పేరుతో పిలవడం కొనేవాళ్లకు అన్యాయమని నా అభిప్రాయం.

కరెంటు సంగతి. మీ ఇంటి ఇన్వర్టర్ ఏం చేస్తుందో తెలుసు కదా, బ్యాటరీ కరెంటును ఫ్యాన్లకు పనికొచ్చే కరెంటుగా మారుస్తుంది. కారు ఇన్వర్టర్ అదే పని మూడు ఫేజుల్లో, సెకనుకు వేల సార్లు స్విచ్‌లు వేసి తీసి చేస్తుంది. మోటారులో అయస్కాంతం ఏ క్షణాన ఎటు తిరిగి ఉందో ఒక సెన్సర్ చెబుతుంది, దానికి తగ్గట్టు కరెంటు వెళ్తుంది. 2003 ప్రియస్‌లో 168 సెల్లులు, ఒక్కోటి 1.2 వోల్టులు, మొత్తం 201.6. దాన్ని మోటారుకు ఇచ్చే ముందు 500 దాకా పెంచేవారు. వోల్టేజీ పెరిగితే అంతే పనికి తక్కువ ఆంపియర్లు చాలు, వైర్లు వేడెక్కవు. ఏసీ కంప్రెసర్ కూడా ఈ కరెంటు మీదే తిరుగుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగినా చల్లగాలి ఆగకపోవడం అందువల్లే.

డ్రైవర్లకు ఒక మాట. సిగ్నల్ పడగానే న్యూట్రల్ వేసే అలవాటు మానండి. న్యూట్రల్‌లో జనరేటర్ బ్యాటరీని నింపలేదు, ఏసీ మాత్రం తినేస్తూ ఉంటుంది. దిగుడులో న్యూట్రల్ వేస్తే ఉచితంగా వచ్చే చార్జింగ్ కూడా పోతుంది. 'డి'లోనే ఉంచి బ్రేకు మీద కాలు పెట్టండి.

మెకానిక్ అన్నలకు ఇంకొంచెం చెప్పాలి. నారింజ రంగు తొడుగున్న వైరు ఏదైనా అది ప్రాణాంతకం. బండి ఆపి, పెద్ద బ్యాటరీని విడదీసే సర్వీస్ ప్లగ్ లాగి, కనీసం పది నిమిషాలు ఆగాలి. ఇన్వర్టర్‌లో కరెంటు దాచుకునే కెపాసిటర్లు ఖాళీ కావడానికి ఆ టైము. 1000 వోల్టులకు సరిపడే రబ్బరు గ్లౌజులు వేసుకుని, మీటరు పెట్టి సున్నా చూశాకే చేయి పెట్టండి. అదే సమయంలో భయపడి దూరం జరగొద్దు. ఈ పెద్ద కరెంటుకు బండి బాడీతో సంబంధం లేదు. ఎక్కడైనా బాడీకి లీకైతే కంప్యూటర్ కనిపెట్టి హెచ్చరిస్తుంది, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే రిలేలు అనే స్విచ్‌లు బ్యాటరీ కరెంటును తెంచేస్తాయి. 2022 సెప్టెంబరులో అవుటర్ రింగ్ రోడ్డు మునిగినప్పుడు హైబ్రిడ్ పక్కన నిలబడితే షాక్ కొడుతుందని పుకారు పుట్టింది. మునిగిన బండిని ముట్టకుండా తెలిసినవాళ్లను పిలవాలి, నిజమే. కానీ నీళ్లన్నీ కరెంటయిపోవు.

ఒక బండి కథ చెప్పి ఆపుతాను. టాక్సీగా తిరిగే హైబ్రిడ్ ఒకటి, వార్నింగ్ లైటు వెలిగింది. ఒక చోట చూపిస్తే బ్యాటరీ మొత్తం మార్చాలన్నారు. ఆ అన్న భార్య గాజులు తాకట్టు పెట్టే ఆలోచనలో ఉండి, చివరి ప్రయత్నంగా నా దగ్గరికి తెచ్చాడు. వెనక సీటు పక్కన బ్యాటరీకి గాలి లాగే జాలీ ఉంటుంది. దాని మీద దుప్పటి మడతపెట్టి ఉంది, లోపల ఫిల్టరు దుమ్ము, వెంట్రుకలతో చాపలా అట్టకట్టింది. గాలి ఆడక బ్యాటరీ ఉడికిపోయింది. ఫిల్టరు, ఫ్యాను శుభ్రం చేశాం, ఒక్కో సెల్లు వోల్టేజీ చూశాం, అన్నీ సమానంగా ఉన్నాయి. బండి ఇంకా తిరుగుతోంది, ఆ అన్న ఇక్కడే మూడో వరసలో కూర్చున్నాడు.

ఈ బల్ల మీద నేను చెప్పిన గేర్ల కట్ట ఒకటి విప్పి పెట్టాను. నలుగురు నలుగురుగా రండి. ముందు పిల్ల గేర్ల చట్రాన్ని చేత్తో గట్టిగా పట్టుకుని రింగును తిప్పండి, నడిమి గేరు ఎటు పరుగెడుతుందో చూడండి. తర్వాత నడిమి గేరును పట్టుకుని చట్రాన్ని తిప్పండి.