సంతకు తోలని గిత్త: లూకా ట్రేడ్ రివ్యూ

నమస్తే అండీ అందరికీ. టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్ నుంచి మాట్లాడుతున్నా. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ NBAలో మా డాలస్ టీమ్ లూకాని వేరే టీమ్‌కి ఇచ్చి బదులుగా వేరేవాళ్లని తెచ్చుకుంది చూడండి, ఆ ట్రేడ్ గురించి ఈ వీడియో. ఎప్పుడో చేయాల్సింది. అప్పుడు కోపంలో ఉన్నా, చేసుంటే తిట్లే మిగిలేవి. ఇప్పుడు కాస్త చల్లబడ్డా కాబట్టి నింపాదిగా మాట్లాడుకుందాం.

2025 ఫిబ్రవరి 1, శనివారం రాత్రి, పదకొండు దాటింది. మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకాయన స్క్రీన్‌షాట్ పెట్టాడు. బాస్కెట్‌బాల్ వార్తల విలేకరి షామ్స్ షరానియా ట్వీట్: లూకా డాన్చిచ్‌ని డాలస్ మావరిక్స్ లాస్ ఏంజెలస్ లేకర్స్‌కి ఇచ్చేసింది. "అకౌంట్ హ్యాక్ అయినట్టుంది, పడుకోండి" అని నేనే రాశా. నాతోపాటు అమెరికాలో సగం మంది అదే అనుకున్నారు లెండి. కాసేపటికి ఆయనే మళ్లీ, ఇది నిజమే అని ఇంకో ట్వీట్ పెట్టాల్సి వచ్చింది. ఇక నిద్రెక్కడిది!

ఇండియాలో చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. లూకా స్లొవేనియా కుర్రాడు. 2018లో, పంతొమ్మిదేళ్ల వయసులో డాలస్ వచ్చాడు. వరసగా ఐదేళ్లు లీగ్‌లో మొదటి ఐదుగురి జట్టులో ఉన్నాడు. 2024లో టీమ్‌ని ఫైనల్స్ దాకా మోసుకెళ్లాడు. అక్కడ బోస్టన్ చేతిలో 4-1తో ఓడారు, అది వేరే బాధ. ట్రేడ్ నాటికి లూకాకి పాతికేళ్లు. బదులుగా వచ్చిన ఆంథనీ డేవిస్‌కి ముప్ఫై ఒకటి, ఇంకో నెలలో ముప్ఫై రెండు. డేవిస్ గొప్ప ఆటగాడే, అందులో అనుమానం లేదు. కానీ గాయాలు ఆయన్ని వదలవు. అతనితోపాటు మ్యాక్స్ క్రిస్టీ అనే కుర్రాడు, 2029 డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట, ఒక మొదటి రౌండ్ పిక్. అంతే. ఒక్క పిక్!

మన తెలుగువాళ్లకి ఈ బాధ కొత్తేం కాదు. వార్నర్ గుర్తున్నాడా? 2016లో సన్‌రైజర్స్‌కి కప్పు తెచ్చాడు, తెలుగు పాటలకి డ్యాన్సులు చేశాడు, వార్నర్ మామ అయిపోయాడు. 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేశారు, తర్వాత టీమ్‌లోంచే పక్కన పెట్టారు. దుబాయ్‌లో స్టాండ్స్‌లో కూర్చుని మన జెండా ఊపాడు చూడండి, ఆ దృశ్యం చూసి మా ఇంట్లో క్రికెట్ చూడని మా ఆవిడ కూడా "పాపం" అంది. డాలస్‌లో జరిగింది దానికి పదింతలు అనుకోండి. ఎందుకంటే వార్నర్ అప్పుడు ఫామ్‌లో లేడు. లూకా అసలు పీక్‌కి ఇంకా రానే లేదు.

సరే, ఇప్పుడు అవతలివైపు మాట కూడా విందాం. జనరల్ మేనేజర్ నీకో హారిసన్ చెప్పింది ఒకటే: డిఫెన్స్ ఉంటేనే ఛాంపియన్‌షిప్‌లు వస్తాయి. లూకా ఒంటి మీద శ్రద్ధ పెట్టడని, బరువు పెరుగుతున్నాడని లోపల గొణుగుడు ఉండేది. 2024 క్రిస్మస్ రోజు మిన్నెసోటా మ్యాచ్‌లో పిక్క పట్టేసి కూర్చున్నాడు, ట్రేడ్ అయ్యేదాకా మళ్లీ ఆడలేదు. ఆ వేసవిలో అతనికి ఐదేళ్లకి దాదాపు 345 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు ఇవ్వాల్సి వచ్చేది. అంత డబ్బు పెట్టే ముందు ఎవరైనా ఆలోచిస్తారు. నిజాయితీగా చెప్తున్నా, ఇందులో పిచ్చి ఏమీ లేదు. లూకా డిఫెన్స్ ఆడుతుంటే నేను కూడా రిమోట్ విసిరినవాడినే.

నా గొడవ అక్కడ కాదండీ. అమ్మిన పద్ధతి దగ్గర.

ఒంగోలు గిత్త ఉంది మీ దగ్గర. అమ్మాలనుకున్నారు, మీ ఇష్టం. సంతకు తోలుకెళ్తారా లేదా? నలుగురూ వచ్చి పళ్లు చూసి, మూపురం తట్టి, ధర పెంచుకుంటూ పోతారు. హారిసన్ ఏం చేశాడు? ఒకే ఒక్క టీమ్‌తో, లేకర్స్‌తో మాట్లాడాడు. లేకర్స్ తరఫున మాట్లాడిన రాబ్ పెలింకా ఆయనకి పాత పరిచయం. పెలింకా లేకర్స్ పాత స్టార్ కోబీ బ్రయంట్‌కి ఏజెంట్, హారిసన్ నైకీలో కోబీ వ్యవహారాలు చూసినాయన. మిగతా టీమ్‌లకి లూకా అమ్మకానికి ఉన్నాడనే సంగతే తెలీదు. సమర్థించేవాళ్లు అంటారు, బయటికి పొక్కితే గోల అవుతుందని. మరి గోల ఎలాగూ అయింది కదా! పొక్కి ఉంటే గోలతోపాటు ధర కూడా పెరిగేది.

దీనికి సాక్ష్యం వారం తిరక్కుండానే దొరికింది, చాలామంది దీన్ని మర్చిపోయారు. లేకర్స్‌కి సెంటర్, అంటే బుట్ట దగ్గర ఆడే పొడగరి, కావాల్సి వచ్చి షార్లెట్ టీమ్ నుంచి మార్క్ విలియమ్స్‌ని తీసుకోబోయారు. అతని కోసం ఏం ఇస్తామన్నారో చూడండి: డాల్టన్ నెక్ట్ అనే కుర్రాడు, 2031 మొదటి రౌండ్ పిక్, పైన ఇంకో పిక్ మార్పిడి. మెడికల్ టెస్టు దగ్గర ఆ ట్రేడ్ రద్దయిందనుకోండి. కానీ అర్థమైందా? ఆ నెక్ట్, ఆ 2031 పిక్, శనివారం రాత్రి కూడా లేకర్స్ జేబులోనే ఉన్నాయి! మార్క్ విలియమ్స్ కోసం తీసినవి లూకా కోసం తీయలేదు, ఎందుకంటే గట్టిగా అడిగినవాడు లేడు. ఇది చదివిన రోజు నాకు ట్రేడ్ వార్త కన్నా ఎక్కువ మండింది.

అభిమానులు మాత్రం ఊరుకోలేదు. అరీనా బయట డర్క్ నొవిట్స్‌కి విగ్రహం ఉంటుంది, ఇరవై ఒక్క సీజన్లు ఒకే టీమ్‌కి ఆడినాయన. ఆ విగ్రహం దగ్గర పూలు, జెర్సీలు, ఏకంగా ఒక శవపేటిక కూడా తెచ్చి పెట్టారు. లోపల "ఫైర్ నీకో" నినాదాలు. పెద్ద స్క్రీన్ మీద కనబడినప్పుడు ఆ మాట అన్నవాణ్ణి బయటికి పంపించేశారు. ఇంత మంటలో సీజన్ టికెట్ల ధర సగటున ఎనిమిది శాతం పైనే పెంచారు. టైమింగ్ చూడండి మరి!

ఆ తర్వాతవి చకచకా చెప్పేస్తా. డేవిస్ మొదటి మ్యాచ్‌లోనే 26 పాయింట్లు, 16 రీబౌండ్లు, మూడో క్వార్టర్‌లో గాయం, ఆరు వారాలకు పైనే బయట. మార్చి 3న టీమ్‌లో ఇంకో స్టార్ కైరీ ఇర్వింగ్ మోకాలి లిగమెంట్ తెగింది. 39 గెలుపులు, 43 ఓటములు, అంటే 39-43తో సీజన్ ముగిసింది, ప్లేఆఫ్స్‌కి చివరి అర్హత పోటీ ప్లే-ఇన్‌లో మెంఫిస్ చేతిలో ఓటమి.

కానీ ఏప్రిల్ 9 దగ్గర కాస్త ఆగాలి. ఆ రోజు లూకా లేకర్స్ జెర్సీలో డాలస్ వచ్చాడు. సీట్ల మీద టీషర్టులు వేసి ఉంచారు, వాటి మీద స్లొవేనియన్ భాషలో "హ్వాలా జా వ్సే" అని. అన్నింటికీ థాంక్స్ అని అర్థం. వీడియో వేశారు. బెంచీ మీద కూర్చున్న లూకా టవల్‌తో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. లేచి వెళ్లి ఫస్ట్ హాఫ్‌లోనే 31 కొట్టాడు, మొత్తం 45. సొంత టీమ్ ఓడిపోతుంటే స్టేడియం అంతా ప్రత్యర్థికి చప్పట్లు. నేను కూడా కొట్టా, ఏం చేయను!

ఆ నెలలోనే హారిసన్ ప్రెస్ ముందుకొచ్చి, లూకా అభిమానులకి ముఖ్యమని తెలుసు కానీ ఇంత అని తెలీదు అన్నాడు. అయ్యా, అరీనాలో ఒక్క రౌండ్ తిరిగి లూకా 77 నంబరు జెర్సీలు లెక్కపెట్టుకున్నా తెలిసేది కదా.

ఇక లాటరీ, అంటే డ్రాఫ్ట్‌లో ఎవరు ముందు ఎంచుకోవాలో తేల్చే డ్రా. కామెంట్లలో ఎక్కువ గొడవ దీని మీదే. 2025 మే 12, షికాగో. 1.8 శాతం ఛాన్స్ ఉన్న డాలస్‌కి మొదటి పిక్ తగిలింది, డ్యూక్ యూనివర్సిటీ నుంచి కూపర్ ఫ్లాగ్ అనే కుర్రాడు వచ్చాడు. వెంటనే మొదలు: లూకాని లేకర్స్‌కి ఇచ్చినందుకు లీగ్ ఇచ్చిన బహుమతి ఇది అని. ఈ అనుమానం పాతదే, 1985లో న్యూయార్క్‌కి పాట్రిక్ యూయింగ్ దక్కినప్పుడు డ్రాలో వాళ్ల కవరు తడిమితే తెలిసేలా ముందే ఫ్రిజ్‌లో పెట్టి తీశారని నలభై ఏళ్లుగా అంటున్నారు. నాకు మాత్రం నమ్మకం లేదు. పద్నాలుగు బంతులు, నాలుగు తీస్తారు, 1,001 కాంబినేషన్లు. అందులో డాలస్‌వి 18. గదిలో ఆడిటర్లు, టీమ్‌ల మనుషులు, విలేకరులు. షికాగో బుల్స్‌ది కూడా 39-43, టై విడగొట్టినప్పుడు డాలస్‌కి 18, వాళ్లకి 17 వచ్చాయి. కుట్ర చేసేవాడు ఇంత సన్నటి దారం మీద నడుస్తాడా? టీమ్‌ని వేగాస్‌కి తరలించడానికే ఇదంతా అన్న థియరీ కూడా అంతే. ఓనర్ల కుటుంబానిది కాసినో వ్యాపారం, అది నిజం. దాని మీద కట్టిన మేడంతా గాలి. కుట్ర అక్కర్లేదండీ, బేరం చేతకాకపోతే చాలు ఇలాంటివి జరగడానికి.

2025 నవంబర్ 10న మిల్వాకీ మీద రెండు పాయింట్లతో ఓడారు. ఆ రాత్రి ఓనర్ తరఫున టీమ్ చూసే పాట్రిక్ డుమాంట్, లేకర్స్ లూకా జెర్సీ వేసుకున్న ఒక కుర్రాడి పక్కన కూర్చుని మాట్లాడాడు. ట్రేడ్ విషయంలో ఆయన చాలా బాధపడుతున్నాడని ఆ కుర్రాడే తర్వాత చెప్పాడు. మర్నాడు హారిసన్ ఉద్యోగం పోయింది. అప్పటికి రికార్డు 3-8.

మార్కులు అడుగుతారు కదా. డిఫెన్స్ కావాలన్న ఆలోచనకి పదికి ఐదు. అమ్మకానికి సున్నా. అభిమానులకి ఎనిమిది, శవపేటిక కొంచెం ఎక్కువైంది కాబట్టి రెండు తగ్గించా.

మా అల్మారాలో నీలం 77 ఇంకా వేలాడుతోంది. మావాడు లేకర్స్ పసుపు 77 కొనమని నెలరోజులుగా పీక్కు తింటున్నాడు. "ఎదుగుతున్నావు కదరా, సైజు మారిపోతుంది" అని వాయిదా వేస్తున్నా. నిన్న నీలంది తీసి వేసుకుని చూశాడు. సరిగ్గా సరిపోయింది వెధవకి.