ఇంట్లోకి వరద నీళ్లొస్తే: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. ఉన్నట్టుండి ఇంట్లోకి వరద నీళ్లొస్తే ఏం చేయాలి, నీళ్లు తీశాక ఏం చేయాలి అన్నది ఇవాళ్టి విషయం. అగ్నిమాపక శాఖలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన అధికారి మనతో ఉన్నారు. నమస్కారం సార్.

నిపుణుడు: నమస్కారమండీ. ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాట. నీళ్లు వస్తున్నప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. నీళ్లు తీశాకే తొందరపడతారు. ఇల్లు ఎప్పుడు కడుక్కుందామా, ఫ్యాను ఎప్పుడు వేసుకుందామా అని. నేను చూసిన చావుల్లో ఇప్పటికీ మరిచిపోలేనివి నీళ్లు తీశాక జరిగినవే. కాబట్టి ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా స్విచ్చు ముట్టొద్దు. ఈ మాట ఇవాళ చాలాసార్లు చెప్తాను, ఏమీ అనుకోకండి.

వ్యాఖ్యాత: సరే సార్. మొదటి కాలర్. హలో?

కాలర్ 1: హలో సార్. వీధిలో మోకాళ్ల కింద దాకానే నీళ్లున్నాయనుకోండి, కారులో బయటపడొచ్చా?

నిపుణుడు: వద్దు బాబూ. పారే నీళ్లు 15 సెంటీమీటర్లుంటే చాలు, పెద్ద మనిషైనా కాలు జారి పడిపోతాడు. 30 సెంటీమీటర్లకి చిన్న కారు తేలుతుంది. 60కి చాలా కార్లు కొట్టుకుపోతాయి. పైగా బురద నీళ్లలో కింద రోడ్డుందో, కోసుకుపోయిందో మనకి కనపడదు. మేడ ఉంటే మేడెక్కండి. నీళ్లలో నిలిచిపోయిన బండిని మాత్రం మళ్లీ స్టార్ట్ చేయకండి, ఇంజన్లోకి నీళ్లు పోయి ఉంటాయి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తర్వాతి కాలర్. చెప్పండమ్మా.

కాలర్ 2: హలో, వినపడుతోందా బాబూ?

వ్యాఖ్యాత: వినపడుతోందమ్మా. టీవీ సౌండు కొంచెం తగ్గించండి.

కాలర్ 2: ఆ, తగ్గించాను. మా ఇంట్లోకి నీళ్లు గుమ్మంలోంచి రాలేదు బాబూ. గుమ్మం దగ్గర ఇసుక బస్తాలు కూడా వేశాం. రాత్రి రెండింటప్పుడు బాత్రూంలో గుడగుడమని చప్పుడైంది. మా ఆయనకి కాస్త చెవుడు, ఆయన లేవలేదు. నేనే లేచి చూస్తే నేల మీది జాలీలోంచి నల్లటి నీళ్లు పైకొస్తున్నాయి. బట్టలు అడ్డం పెట్టాను, ఆగలేదు. చూస్తుండగానే మంచం కోళ్లు మునిగాయి. ఆయన మందుల డబ్బా కింద అరలో ఉండేది, అదీ పోయింది. తెల్లారేదాకా ఇద్దరం మెట్ల మీదే కూర్చున్నాం.

నిపుణుడు: అయ్యో. ఇద్దరూ క్షేమమేగా?

కాలర్ 2: క్షేమమే. నిన్నటికి నీళ్లన్నీ తీసేశాయి. ఇప్పుడు అడిగేదేంటంటే, మెయిన్ ఆపే ఉంది కదా, ఇన్వర్టర్ వేసుకోవచ్చా? ఒక్క ఫ్యానన్నా తిరిగితే నేల ఆరుతుందని.

నిపుణుడు: ఆగండమ్మా, ఆగండి. వేయొద్దు. ఇన్వర్టర్ ఎక్కడుంది? నీళ్లు తగిలాయా దానికి?

కాలర్ 2: మెట్ల కింద ఉంది. బ్యాటరీ సగం దాకా మునిగింది. ఇన్వర్టరుకి తగల్లేదనుకుంటా, పైన బల్ల మీద కదా ఉంది.

నిపుణుడు: చాలామంది పొరపడేది ఇక్కడే, అందరూ వినండి. మెయిన్ ఆపేస్తే ఇంట్లో కరెంటు లేదనుకుంటాం. కానీ మెయిన్ ఆగగానే, కరెంటు పోయిందనుకుని ఇన్వర్టర్ దానంతటదే మొదలవుతుంది. ఫ్యాన్లకి, లైట్లకి వెళ్లే వైర్లలో మళ్లీ మామూలు కరెంటే పారుతుంది. బ్యాటరీ 12 వోల్టులదే, కానీ ఇన్వర్టర్లోంచి బయటికొచ్చేది మనిషిని చంపే కరెంటు. మెయిన్ ఆపేశాం కదా అని తడిగోడ మీద చెయ్యేస్తే ఏమవుతుంది?

కాలర్ 2: అమ్మో.

నిపుణుడు: అందుకే వరద వచ్చేటట్టుంటే ముందు ఇన్వర్టర్ ఆపాలి, తర్వాత మెయిన్. మేడ మీద సోలార్ పలకలుంటే ఎండున్నంతసేపూ వాటి వైర్లలోనూ కరెంటు ఉంటుంది. ఇవన్నీ పొడి నేల మీద నిలబడి, పొడి చేతులతో చేయగలిగితేనే. మీటరు బోర్డు దాకా నీళ్లలో నడిచి వెళ్లాల్సి వస్తే వెళ్లొద్దు. బయటికొచ్చేసి, లైనే ఆపమని కరెంటాఫీసుకి ఫోన్ చేయండి.

కాలర్ 2: అలాగే. కానీ బాబూ, ఇన్వర్టరుకి నీళ్లు తగల్లేదు కదా. ఒక్క ఫ్యానే. పావుగంట.

నిపుణుడు: అమ్మా! ఇప్పుడే కదా చెప్పాను, వేయొద్దని. అయిదు నిమిషాలు కూడా వద్దు.

కాలర్ 2: కోప్పడకు నాయనా. ఇల్లంతా కంపు కొడుతోంది. ఆయనకి ఆయాసం. అందుకని అడిగాను.

నిపుణుడు: కోపం కాదమ్మా, భయం. మీలాగే ఒకాయన నీళ్లన్నీ తీశాక, నేల తుడిచి, ఆరిందనుకుని ఫ్రిజ్ తలుపు మీద చెయ్యేశాడు. మేం వెళ్లేసరికి ఆయన భార్య ఆయన్ని పట్టుకుని లాగబోతోంది. ఆమెనైనా ఆపగలిగాం. నేల పైకి ఆరినా, గోడలోపలి పైపుల్లో, సాకెట్ల వెనక నీళ్లు రోజుల తరబడి నిలిచి ఉంటాయి. ఎలక్ట్రీషియన్ని పిలిచి, మెగ్గర్ పెట్టి వైరింగ్ అంతా చూడమనండి. వైర్లలోంచి కరెంటు బయటికి లీకవుతోందేమో చూసే మీటరది. చేత్తో తడిమి బాగానే ఉందంటే ఒప్పుకోకండి. మునిగిన స్విచ్చులు, సాకెట్లు, ఎంసీబీలు, అంటే బోర్డులో వాటంతటవే పడిపోయే ట్రిప్ స్విచ్చులు, మార్చేయాల్సిందే. సరేనా?

కాలర్ 2: సరే. మరి కంపు?

నిపుణుడు: కిటికీలు, తలుపులు బార్లా తెరవండి. మునిగిన పరుపులు, దిళ్లు పారేయండి, ఎంత ఎండబెట్టినా లోపలి మురుగు పోదు. తడిగా ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే బూజు పడుతుంది, ఆయాసం ఉన్నవాళ్లకి అది మహా చెడ్డది. ఆయన్ని నాలుగు రోజులు ఇంకెక్కడన్నా ఉంచగలరా?

కాలర్ 2: మా అబ్బాయి రమ్మంటున్నాడు. ఈయనే కదలనంటున్నాడు.

నిపుణుడు: నేను చెప్పానని చెప్పండి. వెళ్లిపోండి ఇద్దరూ. మునిగిన మందులు మాత్రం వాడకండి, కొత్తవి తెప్పించుకోండి. ఇంకోటి, ఈసారి జాలీ మీద, కమోడు లోపల ఇసుక నింపిన ప్లాస్టిక్ సంచులు బరువుగా పెట్టండి. మురుగు కాలవ నిండితే నీళ్లు ముందు అక్కణ్నుంచే తన్నుకొస్తాయి. గుమ్మానికి బస్తాలు వేసేవాళ్లు బాత్రూం సంగతి మరిచిపోతారు.

కాలర్ 2: సరే నాయనా. ఫ్రిజ్‌లో ఉన్నవి...

వ్యాఖ్యాత: అమ్మా, మిగతా కాలర్లు కూడా వేచి ఉన్నారు...

నిపుణుడు: ఒక్క నిమిషమండీ. వరద నీళ్లు తగిలినవన్నీ పారేయాలమ్మా, మూత బిగించిన సీసాలైనా సరే. తగలకపోయినా, కరెంటు పోయాక తలుపు తీయని ఫ్రిజ్ నాలుగు గంటలే చల్లగా ఉంటుంది. తర్వాత త్వరగా పాడయ్యేవేవీ తినొద్దు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. తర్వాతి కాలర్.

కాలర్ 3: సార్, జనరేటర్ తెచ్చాం. వాన పడుతోందని మెట్ల దగ్గర, లోపలే పెట్టాం. తలుపు తీసే ఉంచాం.

నిపుణుడు: ఇప్పుడు నడుస్తోందా?

కాలర్ 3: నడుస్తోంది సార్.

నిపుణుడు: ఫోన్ పక్కన పెట్టి ముందు ఆపేసి రండి. అందరూ బయటికి రండి. ఎవరికన్నా తలనొప్పి, వాంతి వచ్చేటట్టుంటే వెంటనే ఆస్పత్రికి. దాంట్లోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసనుండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంటికి కనీసం ఆరు మీటర్ల దూరంలో, ఆరుబయట పెట్టాలి. వాన తగ్గేదాకా వాడకండి. వెళ్లండి, వెళ్లండి.

వ్యాఖ్యాత: లైన్ కట్ అయింది. ఆపడానికే వెళ్లారనుకుంటాను. తర్వాతి కాలర్.

కాలర్ 4: సార్, సంపులోకి వరద నీళ్లు పోయాయి. మోటారు వేసి తోడేయొచ్చా?

నిపుణుడు: మోటారు మునిగిందా?

కాలర్ 4: మునిగింది.

నిపుణుడు: అయితే మీకూ అదే మాట, స్విచ్చు ముట్టొద్దు. బయటినుంచి వేరే పంపు తెప్పించి తోడించండి. తోడించినా మనిషిని లోపలికి దింపేముందు గాలి ఆడనివ్వాలి, ఒంటరిగా దింపకూడదు. ఒకరు పడిపోతే కాపాడబోయి ఇంకొకరు దిగడం, ఇద్దరూ పోవడం. ఎన్నిసార్లు చూశానో. బురదంతా తీసి, గోడలు రుద్ది కడిగాకే బ్లీచింగ్ పౌడర్ వేయండి. బురద ఉండగా వేస్తే దాని శక్తంతా బురదకే సరిపోతుంది. బ్లీచింగ్‌ని బాత్రూం యాసిడ్‌తో కలపొద్దు, విషవాయువు వస్తుంది. తాగే నీళ్లు కొన్నాళ్లపాటు తెర్లే దాకా కాచి, తెర్లడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఉంచండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. ఇంకో కాలర్.

కాలర్ 5: సార్, పాము కనిపిస్తే...

నిపుణుడు: దూరంగా జరగండి, కొట్టబోకండి. కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కదలకుండా పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. హలో?

కాలర్ 6: నమస్తే సార్. మా తమ్ముడు రెండు రోజులు నీళ్లలో తిరిగాడు. వారమైంది. ఇప్పుడు జ్వరం, పిక్కలు విపరీతంగా నొప్పంటున్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి. మాత్ర వేసి పడుకోబెట్టాం.

నిపుణుడు: నేను డాక్టర్ని కాదమ్మా, అయినా ఇంత మాత్రం తెలుసు. పడుకోబెట్టకండి, ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఎలుక జ్వరం కావచ్చు, లెప్టోస్పైరోసిస్ అంటారు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో తిరిగితే, కాలికున్న చిన్న గాయం చాలు, ఆ క్రిమి లోపలికి పోతుంది. రెండు రోజుల నుంచి నెల లోపు ఎప్పుడైనా బయటపడొచ్చు. వరద నీళ్లలో తిరిగాడని డాక్టరుకి మీరే చెప్పాలి, వాళ్లడిగేదాకా ఆగొద్దు. మూత్రం తక్కువగా వస్తోందా?

కాలర్ 6: అడగలేదు సార్.

నిపుణుడు: అడగండి. ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతింటాయి. ముందే మందు పడితే తగ్గిపోయే జబ్బే తల్లీ, భయపడకండి. కానీ ఇవాళే వెళ్లాలి.

కాలర్ 6: వెళ్తాం సార్, ఇప్పుడే.

వ్యాఖ్యాత: సమయం దాదాపు అయిపోయింది. చివరి కాలర్, క్లుప్తంగా అడగండి.

కాలర్ 7: సార్, సర్టిఫికెట్లన్నీ తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీయబోతే చిరుగుతున్నాయి.

నిపుణుడు: లాగకండి. అలాగే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కరెంటున్న వాళ్లింట్లో ఫ్రీజర్లో పెట్టించండి. గడ్డకడితే బూజు పట్టదు, తీరిగ్గా ఒక్కొక్కటీ ఆరబెట్టుకోవచ్చు. పాడైన సామాను పారేసే ముందు ఫోటోలు తీయండి. గోడ మీద నీళ్లు ఎంతెత్తున నిలిచాయో ఆ చార కూడా తీయండి, కడిగేశాక మళ్లీ కనపడదు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు సార్. కాలర్లందరికీ...

నిపుణుడు: ఒక్క క్షణమండీ. ఇందాకటి ఇన్వర్టర్ అమ్మగారు వింటుంటే, అమ్మా, మీ అబ్బాయిని వచ్చి తీసుకెళ్లమనండి. ఈ పూటే.

వ్యాఖ్యాత: వింటూనే ఉంటారు సార్. నమస్కారం.